వేడెక్కితే తప్పు చెప్పే సెన్సార్ అమ్మి, ఇంట్లో బిగించానని వారంటీ కాదనడంపై ఫిర్యాదు

విజయవాడ

ఫిర్యాదుల పరిష్కార అధికారి గారికి,
కస్టమర్ కేర్ విభాగం

విషయం: మీ వెబ్‌సైటులో కొన్న కూలెంట్ టెంపరేచర్ సెన్సార్‌లో లోపం, వారంటీ నిరాకరణ, అదే బ్యాచ్ సరుకు అమ్మకం గురించి.

అయ్యా,

మీ దగ్గర కొన్న కూలెంట్ టెంపరేచర్ సెన్సార్ (ఇంజిన్‌ను చల్లబరిచే ద్రవం వేడిని కొలిచి కారు కంప్యూటర్‌కు చెప్పే భాగం) వేడెక్కేకొద్దీ తప్పు రీడింగ్ ఇస్తోంది. ఇంజిన్‌లో నీళ్లు మరిగే స్థితికి వచ్చినా కారు కంప్యూటర్‌కు 62 డిగ్రీలనే చెబుతోంది. అందువల్ల రేడియేటర్ ఫ్యాన్ తిరగడం లేదు. ఈ సంగతి ఫోటోలు, వీడియోతో సహా మీ కస్టమర్ కేర్‌కు పంపాను. "సెన్సార్ మీరే బిగించుకున్నారు కాబట్టి వారంటీ వర్తించదు, ఆథరైజ్డ్ సర్వీస్ సెంటర్ బిల్లు ఉంటే పంపండి" అని చిన్న మెయిల్ పెట్టి ఫిర్యాదు మూసేశారు.

సెన్సార్ ధర 640 రూపాయలు. ఆ డబ్బు ఒక్కటే అయితే ఇంత వివరంగా రాసేవాణ్ణి కాదు. అదే బ్యాచ్ సెన్సార్లు ఇంకా ఎంతమంది కార్లలోకి వెళ్లాయో మీ దగ్గర లెక్క ఉంటుంది. వాళ్లలో చాలామందికి తమ కారులో ఏం జరుగుతోందో తెలిసే దారి కూడా లేదు. అందుకే మొత్తం రాస్తున్నాను. దయచేసి ఈ ఉత్తరాన్ని కస్టమర్ కేర్ దగ్గరే ఆపకుండా, సరుకు నాణ్యత చూసే ఇంజినీర్ల చేత చదివించండి.

మాది పాత పెట్రోల్ కారు. ఈ ఎండాకాలం చెక్ ఇంజిన్ లైట్ వెలిగింది. మైలేజీ పడిపోయింది, సైలెన్సర్ నుంచి నల్ల పొగ, వేడి మీద ఉన్నప్పుడు ఆపితే మళ్లీ స్టార్ట్ కావడానికి మొరాయింపు. ఇంజిన్ చల్లగా ఉన్నా రేడియేటర్ ఫ్యాన్ మాత్రం ఆగకుండా తిరిగేది. ఓబీడీ స్కానర్ (కారు కంప్యూటర్‌లోని లోపాల కోడ్‌లు, రీడింగులు ఫోన్‌లో చూపే పరికరం) పెట్టి చూస్తే పీ 0118 కోడ్ వచ్చింది. అంటే కూలెంట్ సెన్సార్ సర్క్యూట్‌లో వోల్టేజీ ఉండాల్సిన దానికంటే ఎక్కువగా ఉందని. రోళ్లు పగిలే రోహిణీ కార్తె ఎండలో ఫోన్‌లో ఇంజిన్ ఉష్ణోగ్రత మైనస్ 40 డిగ్రీలు అని కనిపించింది. పాత సెన్సార్ లోపల తెగిపోయిందన్నమాట. ఇంజిన్ గడ్డకట్టేంత చల్లగా ఉందనుకుని కంప్యూటర్ అదనంగా పెట్రోలు పోస్తోంది. లీటరు వంద దాటిన రోజుల్లో అది మామూలు నష్టం కాదు.

నేను వృత్తిరీత్యా మెకానిక్‌ని కాదు. మా బావకు ఆటోనగర్‌లో షెడ్డు ఉంది, సెలవు రోజుల్లో ఆయన దగ్గర పని నేర్చుకుంటున్నాను. సెన్సార్ మార్చడం నాలాంటివాడు మొదలుపెట్టడానికి తగిన పని అని బావే చెప్పాడు. మీ వెబ్‌సైటులో కూడా ఈ సెన్సార్ పేజీలో "ఇంట్లోనే సులభంగా మార్చుకోవచ్చు" అని పెద్ద అక్షరాలతో ఉంది, ఎలా మార్చాలో చూపించే వీడియో కూడా మీరే పెట్టారు. వేరే చోట తక్కువ ధరకు దొరుకుతున్నా మీ దగ్గర కొన్నది ఆ మాట చూసే.

పని చేసిన తీరు కూడా చెబుతాను, ఎందుకంటే మీ జవాబులో తప్పంతా బిగించినవాడి మీద పెట్టారు. తెల్లవారుజామున ఇంజిన్ పూర్తిగా చల్లారి ఉన్నప్పుడు బ్యాటరీ నెగెటివ్ తీశాను. రేడియేటర్ మూత తిప్పి ప్రెషర్ లేదని చూసుకున్నాకే కింద ట్రే పెట్టి, 19 నంబర్ స్పానర్‌తో పాత సెన్సార్ విప్పాను. రాగి వాషర్ కొత్తది వేశాను. మర చేత్తో పూర్తిగా ఎక్కాకే స్పానర్ పెట్టాను. కారిపోయిన కూలెంట్‌కు బదులు, డిస్టిల్డ్ వాటర్‌తో సగం సగం కలిపిన కొత్త కూలెంట్ పోసి, గాలి బుడగలు పోయేదాకా ఇంజిన్ నడిపాను. లీకు లేదు. కనెక్టర్ క్లిప్పు చప్పుడు చేస్తూ కూర్చుంది. పాత కోడ్ చెరిపేశాక లైటు మళ్లీ రాలేదు.

ఇంజిన్ పూర్తిగా చల్లారాక, మళ్లీ స్టార్ట్ చేయకముందు కొత్త సెన్సార్ 31 డిగ్రీలు చూపించింది. వాకిట్లో గోడకు ఉన్న థర్మామీటరూ అంతే చూపిస్తోంది. అందరూ ఇక్కడితో సంతోషపడి బానెట్ మూసేస్తారు. నేను ఏసీ వేయకుండా, బండి వాకిట్లోనే ఉంచి ఫోన్‌లో అంకె చూస్తూ కూర్చున్నాను. మొదట బాగానే పెరిగింది. 50 దాటాక బాగా నెమ్మదించింది. 55 దగ్గర ఉండగా రేడియేటర్ కింది హోస్ పైపు పట్టుకుంటే చెయ్యి కాలింది. అక్కడికి వేడి నీళ్లు రావాలంటే థర్మోస్టాట్ వాల్వు (ఇంజిన్ తగినంత వేడెక్కాక తెరుచుకుని నీళ్లను రేడియేటర్‌కు వదిలేది) తెరుచుకోవాలి. మా కారు వాల్వు మీద 82 అని చెక్కి ఉంటుంది. 82 దగ్గర తెరుచుకునే వాల్వు తెరుచుకుంది, మీ సెన్సార్ మాత్రం 55 అంటోంది. ఇంకాసేపటికి రిజర్వ్ ట్యాంకులో కూలెంట్ బుడబుడలాడడం మొదలైంది. అంకె 62. ఫ్యాన్ కదలలేదు. వెంటనే ఇంజిన్ ఆపేశాను.

ఇక్కడ మీ ఇంజినీర్లు గమనించాల్సింది ఒకటుంది. మా పాత సెన్సార్ తెగిపోయినప్పుడు కంప్యూటర్ ఆ సంగతి పసిగట్టింది. కోడ్ రాసుకుంది, లైటు వెలిగించింది, జాగ్రత్త కోసం ఫ్యాన్‌ను ఆపకుండా తిప్పింది. మీ కొత్త సెన్సార్ ఇచ్చే అంకె అబద్ధమైనా నమ్మేలా ఉంటుంది. 62 డిగ్రీలు అంటే మా కారు కంప్యూటర్ అనుమానించలేదు. కోడ్ రాలేదు, లైటు రాలేదు, ఫ్యాన్ తిరగలేదు. మాలాంటి చిన్న కార్లలో డాష్‌బోర్డు మీద వేడి ముల్లు కూడా ఉండదు, ఎర్ర లైటు ఒక్కటే. అదీ ఇదే సెన్సార్ మాట విని వెలుగుతుంది. పూర్తిగా చచ్చిపోయిన సెన్సార్‌తో పెట్రోలు ఎక్కువ తాగుతుంది, అంతే. మీరు అమ్మిన దానితో అయితే బెంజ్ సర్కిల్ ట్రాఫిక్‌లో నిలబడ్డ కారు ఏ హెచ్చరికా లేకుండా మరిగిపోతుంది. హెడ్ గ్యాస్కెట్ (ఇంజిన్ పై భాగమైన హెడ్ కింద ఉండే సీలు) పోయి, హెడ్ వంగితే దాన్ని విప్పి మళ్లీ చదును (ఫేసింగ్) చేయించాలి. 640 రూపాయల వస్తువు వల్ల వేలల్లో ఖర్చు. కారులో పెద్దవాళ్లు, చిన్నపిల్లలు ఉంటే నడిరోడ్డు మీద వాళ్ల పరిస్థితేంటో ఆలోచించండి.

సెన్సార్ చుట్టూ గాలి బుడగ చిక్కుకుంటే కూడా రీడింగ్ తక్కువ వస్తుందని నాకు తెలుసు. మీరూ ఆ మాటే అంటారని, సెన్సార్‌ను కారులోంచి తీసేసి వంటింట్లో పరీక్షించాను. పాత గిన్నెలో నీళ్లు పోసి స్టవ్ మీద పెట్టి, సెన్సార్ కొన మునిగేలా, అడుగుకు తగలకుండా దారంతో వేలాడదీశాను. పక్కనే థర్మామీటర్. రెండు పిన్నులకు మల్టీమీటర్ క్లిప్పులు. ఇది ఎన్‌టీసీ రకం, అంటే వేడి పెరిగేకొద్దీ రెసిస్టెన్స్ (కరెంటును అడ్డుకునే గుణం, ఓమ్‌లలో కొలుస్తారు) తగ్గాలి. మా కారు సర్వీస్ మాన్యువల్‌లో ఏ వేడికి ఎంత ఉండాలో పట్టిక ఉంది. 31 డిగ్రీల దగ్గర మీ సెన్సార్ 1,650 ఓమ్‌లు చూపింది, పట్టికతో సరిపోయింది. 60 డిగ్రీలకు 600 ఉండాలి, 1,080 చూపింది. 80 డిగ్రీలకు 320 ఉండాలి, 750 దగ్గర ఆగింది. నీళ్లు తెర్లుతున్నప్పుడు 190కి రావాలి. 540 కంటే కిందికి దిగలేదు. పట్టికలో 540 ఓమ్‌లంటే సుమారు 63 డిగ్రీలు. వాకిట్లో ఫోన్ మీద కనిపించిన అంకె, స్టవ్ మీద తేలిన లెక్క దాదాపు ఒకటే అయ్యాయి. మళ్లీ చల్లార్చి చూసినా తేడా అలాగే ఉంది. వీడియో జతచేశాను, థర్మామీటర్, మల్టీమీటర్ రెండూ ఒకే ఫ్రేములో కనిపిస్తాయి.

వైరింగులో, కంప్యూటర్‌లో లోపం లేదని కూడా చూశాను. కనెక్టర్ ఊడదీస్తే స్కానర్‌లో మైనస్ 40 వచ్చింది, రావాల్సింది అదే. ఎలక్ట్రానిక్స్ షాపులో రూపాయికో రెండు రూపాయలకో దొరికే 330 ఓమ్‌ల రెసిస్టర్‌ను సెన్సార్ బదులు కనెక్టర్‌లో పెడితే స్కానర్ 79 చూపించింది. పట్టిక ప్రకారం సరిగ్గా అంతే రావాలి. తర్వాత ఆటోనగర్‌లో 920 రూపాయలకు వేరే సెన్సార్ కొన్నాను. ముందు గిన్నెలో పరీక్షించి, పట్టికకు సరిపోయాకే బిగించాను. అదే కారు, అదే కనెక్టర్, అదే స్పానర్, అదే చేతులు. 96 డిగ్రీల దగ్గర ఫ్యాన్ తిరిగింది, చల్లబడ్డాక ఆగింది. ఇక బిగింపులో తప్పుందని ఎవరైనా ఎలా అనగలరు?

మీ మెయిల్ నన్ను బాధపెట్టింది కూడా ఇందుకే. లోపం వస్తువులో ఉందా, బిగింపులో ఉందా అని మీ వాళ్లు ఒక్క ప్రశ్న అడగలేదు. రీడింగులు చూడలేదు, వీడియో తెరవలేదు. బిల్లు ఎవరు రాశారన్నదే అడిగారు. మా బావకు ఈ సంగతి చెబితే "నేనే బిగించానని బిల్లు రాసిస్తాలే, పంపించెయ్" అన్నాడు. నామీద అభిమానంతో అన్న మాటే. అబద్ధపు బిల్లు పంపడం నాకు ఇష్టం లేక వద్దన్నాను. నిజం చెప్పినవాడికి వారంటీ లేదని, అబద్ధపు బిల్లు తెచ్చినవాడికి ఉందని చెప్పే నిబంధన ఎవరికి మేలు చేస్తుందో మీరే ఆలోచించండి. "ఇంట్లోనే మార్చుకోండి" అని చెప్పి అమ్మినవాళ్లు ఇంట్లో మార్చుకున్నారని వారంటీ తీసేయడం న్యాయం కాదు. పైగా కొనేటప్పుడు ఈ షరతు మీ పేజీలో ఎక్కడా లేదు. ఆ రోజు పేజీని ఫోటో తీసి దాచుకున్నాను, అదీ పంపుతున్నాను.

పని నేర్చుకునేవాళ్ల గురించి ఒక మాట. కొత్తగా చేసేవాడు పని పూర్తయ్యాక బండి బాగా నడవకపోతే ముందు తననే అనుమానించుకుంటాడు. ఏదో వైరు తప్పు కలిపానేమో, ఏదో పాడు చేశానేమో అని టెన్షన్ పడి, విప్పిందే మళ్లీ విప్పి, చివరికి మెకానిక్ దగ్గరికి వెళ్లి డబ్బు పోసుకుంటాడు. సెన్సార్ మీద అనుమానం రావడం చాలా అరుదు, కొత్తది కదా అనుకుంటాడు. మీ కంపెనీకి ఫిర్యాదులు తక్కువగా వస్తున్నాయంటే సరుకు బాగుందని అర్థం కాకపోవచ్చు.

పెట్టె గురించి కూడా చెప్పాలి. దాని మీద బ్యాచ్ నంబరు స్టిక్కర్ ఉంది. తయారైన నెల, సంవత్సరం లేవు, ఏ దేశంలో తయారైందో లేదు, దిగుమతి చేసుకున్నవాళ్ల చిరునామా లేదు. 2011 నాటి ప్యాకేజ్డ్ కమోడిటీస్ నిబంధనల ప్రకారం, దిగుమతి చేసుకున్న సరుకైతే ఇవన్నీ ఉండి తీరాలి.

వినియోగదారుల రక్షణ చట్టం, 2019 కింద 2020లో వచ్చిన ఈ-కామర్స్ నిబంధనలు మీకు తెలిసే ఉంటాయి. లోపమున్న సరుకును, ప్రకటనలో చెప్పినట్టు లేని సరుకును వెనక్కి తీసుకోవడానికి, డబ్బు తిరిగి ఇవ్వడానికి నిరాకరించకూడదని వాటిలో ఉంది. ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో తెలియజేయాలి, నెలలోగా పరిష్కరించాలి. ఇది మీ కస్టమర్ కేర్ టికెట్‌కు కొనసాగింపు కాదు, ఫిర్యాదుల అధికారికి నేరుగా పంపుతున్న ఫిర్యాదు. గడువు దీని నుంచే లెక్కపెట్టండి.

నేను కోరేవి ఇవి. సెన్సార్ ధర 640, ఆ రోజు పొంగి పోయిన కూలెంట్‌కు 350, కలిపి 990 రూపాయలు తిరిగి ఇవ్వాలి. రెండో సెన్సార్ ఖర్చు నేను అడగడం లేదు, అది నా కారులో పనిచేస్తోంది. ఈ బ్యాచ్ అమ్మకం వెంటనే ఆపి, గోడౌన్‌లో మిగిలిన వాటిని 80 డిగ్రీలు, 100 డిగ్రీల వేడిలో పరీక్షించాలి. చల్లగా ఉన్నప్పుడు చూస్తే ఈ లోపం బయటపడదు. బహుశా మీ తనిఖీలోనూ గది వేడి దగ్గరే చూసి పంపించి ఉంటారు. ఇప్పటికే కొన్నవాళ్ల ఫోన్ నంబర్లు మీ దగ్గర ఉన్నాయి, ఆఫర్ల మెసేజీలు ఆ నంబర్లకే పంపుతున్నారు. ఈ హెచ్చరిక కూడా తెలుగులో, వాళ్లవాళ్ల భాషల్లో పంపండి. పెట్టెలో ఏ వేడికి ఎన్ని ఓమ్‌లు ఉండాలో ఒక చిన్న కాగితం పెట్టండి. అది ఉంటే గిన్నె, థర్మామీటర్, మల్టీమీటర్ ఉన్న ఎవరైనా బిగించకముందే చూసుకోగలరు. ఇంట్లో బిగించుకున్నవాళ్లకు వారంటీ ఉందో లేదో కొనే పేజీలోనే స్పష్టంగా రాయండి.

అన్నిటికంటే ముందు కావాల్సింది బ్యాచ్ తనిఖీ. డబ్బు ఒక వారం ఆలస్యమైనా ఫరవాలేదు, ఆ అమ్మకం మాత్రం ఇవాళే ఆపండి.

నెలలోగా సమాధానం రాకపోతే 1915 నంబరుకు ఫోన్ చేసి జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో నమోదు చేయిస్తాను. అప్పటికీ కాకపోతే నేను ఉండే ఊళ్లోనే, జిల్లా వినియోగదారుల కమిషన్‌లో కేసు వేస్తాను. 5 లక్షల లోపు వ్యవహారానికి ఫీజు లేదు, వకీలు లేకుండా నేనే చెప్పుకోవచ్చు.

లోపమున్న సెన్సార్, దాని పెట్టె, వాషర్ కవర్ నా దగ్గర భద్రంగా ఉన్నాయి. పరీక్ష కోసం తీసుకెళ్తామంటే ఇస్తాను. కొరియర్ ఖర్చు మీదే. తీసుకున్నట్టు బ్యాచ్ నంబరు రాసిన రసీదు ఇచ్చి, మీ ల్యాబ్‌లో వచ్చిన రీడింగులు నాకు రాతపూర్వకంగా పంపాలి. రసీదు లేకుండా సెన్సార్‌ను ఎవరికీ ఇవ్వను.

ఇట్లు,
మీ వినియోగదారుడు

జతపరిచినవి: కొనుగోలు బిల్లు, ఉత్పత్తి పేజీ ఫోటో, పెట్టె నాలుగు వైపుల ఫోటోలు, స్కానర్ రీడింగుల ఫోటోలు, స్టవ్ మీద పరీక్ష వీడియో, సర్వీస్ మాన్యువల్ పట్టిక ఫోటో, కూలెంట్ బిల్లు, మీ కస్టమర్ కేర్ మెయిల్.