ఒంటిపూట బడులు, ఇంటి మీటరు

తల్లిదండ్రులకు నమస్కారం.

ఒంటిపూట బడులు మొదలైతే పిల్లలు మధ్యాహ్నానికల్లా ఇంట్లో ఉంటారు. వాళ్లతోపాటే ఫ్యాను, టీవీ, ఏసీ కూడా డ్యూటీ ఎక్కుతాయి. బెజవాడ ఎండల్లో వాటిని కట్టేయమని నేను చెప్పను. కరెంటు ఎటు పోతోందో ముందు చూసుకోమంటాను.

లైటు ఆర్పలేదని పిల్లల్ని కోప్పడతాం. మంచిదే. కానీ 9 వాట్ల ఎల్‌ఈడీ బల్బు ఒక యూనిట్ కాల్చాలంటే సుమారు 111 గంటలు వెలగాలి. 2000 వాట్ల గీజరుకు అరగంట చాలు! ఎండాకాలం మన డాబాల మీద ట్యాంకు నీళ్లే చెయ్యి కాలుస్తుంటే గీజరు స్విచ్ ఎందుకు వేస్తున్నామో నాకు ఇప్పటికీ అర్థం కాదు. అలవాటు, అంతే. ట్యాంకు నిండి నీళ్లు గోడ వెంట కారుతున్నా తిరిగే మోటారు సంగతీ ఇంతే. నీళ్లూ పోతాయి, కరెంటూ పోతుంది.

పాత రకం సీలింగ్ ఫ్యాను దాదాపు 75 వాట్లు తీసుకుంటుంది, బీఎల్‌డీసీ అనే కొత్త రకం మోటారున్న ఫ్యాను 30 వాట్ల దగ్గర ఉంటుంది. రోజుకు 14 గంటలు తిరిగే ఫ్యాను మీద నెలకు 19 యూనిట్ల దాకా తేడా వస్తుంది. అన్నీ ఒకేసారి మార్చనక్కర్లేదు, హాల్లోది చాలు. ఏసీ 24లో పెట్టి ఫ్యాను మెల్లగా తిప్పండి. ఒక్కో డిగ్రీ పెంచితే సుమారు 6 శాతం కరెంటు మిగులుతుందని కేంద్ర ప్రభుత్వ సంస్థ బ్యూరో ఆఫ్ ఎనర్జీ ఎఫిషియెన్సీ చెబుతోంది. ఫిల్టరు కడగడం మరవద్దు. పడమటి కిటికీకి వట్టివేళ్ల తడిక కడితే ఏసీ వేసే టైమే తగ్గుతుంది. అది లేనివాళ్లకు మందపాటి దుప్పటైనా సరే. వేడి వేడి పప్పుచారు ఫ్రిజ్‌లో పెట్టకండి.

వాడకం పెరిగేకొద్దీ స్లాబు మారి యూనిట్ రేటూ పెరుగుతుంది. అందుకే పై స్లాబులో పడే ఆఖరి యూనిట్లు పొదుపు చేస్తే ఎక్కువ డబ్బు మిగులుతుంది. ఇబ్రహీంపట్నం థర్మల్ విద్యుత్ కేంద్రం చిమ్నీలు పిల్లలందరూ చూసినవే. అక్కడ బొగ్గు మండించి కరెంటు తయారు చేస్తారని ఈ నెల సైన్సు క్లాసులో చెబుతున్నాం.

దానికి తోడు ఒక చిన్న ఇంటిపని. ఆరు, ఏడు తరగతుల పిల్లలు వారం రోజులు ఒకే వేళకు మీటరు రీడింగ్ నోట్సులో రాయాలి. అపార్ట్‌మెంట్లలో మీటర్లు కింద సెల్లార్‌లో ఉంటాయి కాబట్టి దయచేసి పెద్దవాళ్లు వెంట వెళ్లండి. చూడటమే తప్ప ముట్టుకోకూడదు. అద్దె ఇళ్లలో ఓనరు పెట్టిన సబ్ మీటరైనా ఫర్వాలేదు.

ఎవరింట్లో తక్కువ యూనిట్లు అని పోటీ పెట్టడం లేదు. ఒక ఇంట్లో ఇద్దరుంటారు, ఇంకో ఇంట్లో మంచం దిగలేని తాతయ్య ఉంటారు. ఆయన గదిలో ఫ్యాను ఆపి మార్కులు తెచ్చుకోవాలని ఏ పిల్లాడూ అనుకోకూడదు. నోట్సులు వచ్చే సోమవారం సైన్సు టీచరుకు ఇవ్వాలి.

ఇట్లు,
ప్రధానోపాధ్యాయురాలు