ముందు హెడ్ దించకు

ఒరేయ్,

నీ ఉత్తరం అందింది. "వేడెక్కాక ఇంజిన్ ఆగిపోతోంది, 60 దగ్గర హ్యాండిల్ ఊగుతోంది, ఈ ఆదివారం హెడ్ దించేస్తున్నా" అని రాశావు. మొదటి రెండు చదివి నవ్వుకున్నాను, పాత మోటార్ సైకిల్ అన్నాక ఆ మాత్రం ఉంటుంది. మూడోది చదివాక మాత్రం కంగారేసింది. ఈ ఉత్తరం పూర్తిగా చదివేదాకా హెడ్, అంటే ఇంజిన్ పైభాగం, జోలికి పోకు. హెడ్ దించితే సందు మూసే గాస్కెట్ కొత్తది కావాలి, వాల్వ్‌లని కదిపే టాపెట్లు మళ్లీ సెట్ చేయాలి, పైగా అసలు జబ్బు అక్కడ లేకపోతే నీ దగ్గర ఒకటి కాదు, రెండు జబ్బులుంటాయి.

పాత బండ్లతో ఉన్న తిరకాసు ఏమిటంటే తప్పు ఒకచోట ఉంటే అరుపు ఇంకోచోట వినిపిస్తుంది. వెనక బ్రేక్ షూ డ్రమ్‌కి రాసుకుంటూ ఉంటే పికప్ లేదంటాం, ఇంజిన్ వేడెక్కుతోందంటాం. చైన్ మరీ బిగుతుగా ఉన్నా అంతే. హెడ్‌లైట్ వెనకాల వైరు నలిగితే కార్బురేటర్‌ని తిట్టుకుంటాం. కాబట్టి పానా పట్టకముందే గొడవ ఇంజిన్‌దా, చక్రాలదా తేల్చుకోవాలి. అందులో సగం పని బండి మీద కూర్చునే చేయొచ్చు.

ముందు ఆ ఊగుడు సంగతి చూద్దాం. ఖాళీ రోడ్డు మీద అది మొదలయ్యే స్పీడుకి వెళ్లి, క్లచ్ పట్టుకుని యాక్సిలరేటర్ వదిలేయి. ఇంజిన్ ఐడిల్‌కి పడిపోయినా ఊగుడు అలాగే ఉంటే ఇంజిన్‌కి సంబంధం లేదు. అదే స్పీడులో గేరు మార్చితే తేడా వచ్చిందంటే ఇంజిన్ వైపు చూడాలి. ఇంకో గుర్తు కూడా ఉంది. 19 అంగుళాల రిమ్‌కి టైరు వేశాక చుట్టుకొలత సుమారు 2 మీటర్లు. అంటే 60 కిలోమీటర్ల వేగంలో చక్రం సెకనుకు 8 సార్లు తిరుగుతుంది. ఇంజిన్ 3000 ఆర్‌పీఎం దగ్గర ఉంటే సెకనుకు 50 సార్లు తిరుగుతుంది. చక్రం తప్పయితే చేతులు అటూ ఇటూ ఊగుతున్నట్టు తెలుస్తుంది. ఇంజిన్ తప్పయితే అరచేతులు, పాదాలు జివ్వుమని తిమ్మిరెక్కుతాయి. నువ్వు రాసిన దాన్ని బట్టి నీది మొదటి రకమే అనిపిస్తోంది, అయినా నా మాట నమ్మేయకుండా క్లచ్ పరీక్ష చేసి చూడు.

ఇప్పుడు ఇంజిన్ ఆగిపోయే సంగతి. చల్లగా ఉన్నప్పుడు ఒక్క కిక్‌కి స్టార్ట్ అవుతుంది, కొంత దూరం పోయాక మిస్సింగ్ కొట్టి ఆగిపోతుంది, చల్లారాక మళ్లీ మామూలే. ఈ లక్షణం కనీసం నాలుగు తప్పులకు ఒకేలా ఉంటుంది, అందుకే చాలామంది చల్లారిన బండిని ముందు పెట్టుకుని తల గోక్కుంటారు. చల్లారాక వెతికితే ఏమీ దొరకదురా. ఆగిన నిమిషంలోనే పట్టుకోవాలి. ప్లగ్ స్పానర్, స్పేర్ ప్లగ్ జేబులో పెట్టుకుని బయల్దేరు. ఆగగానే రోడ్డు పక్కకి తీసి, మొదట ట్యాంక్ మూత తెరువు. లోపలికి గాలి పీల్చుకున్న చప్పుడు వచ్చి, కాసేపట్లో బండి స్టార్ట్ అయితే పని అయిపోయింది. మూతలో గాలి పోయే సన్నటి కన్నం పూడుకుపోయింది, పెట్రోల్ దిగుతున్నకొద్దీ ట్యాంక్‌లో వాక్యూమ్ వచ్చి ధార ఆగిపోతోంది. సన్నటి తీగతో కన్నం శుభ్రం చేస్తే చాలు. ఇంత చిన్న విషయానికి కార్బురేటర్ మొత్తం మార్చేసిన వాళ్లుంటారు.

మూత తెరిచినా లాభం లేకపోతే ఇంజిన్ వేడిగా ఉండగానే చేత్తో కిక్ నెమ్మదిగా నొక్కి చూడు. పొద్దున ఉన్నంత గట్టిగా ఎదురు తన్నుతోందా, లేక మెత్తగా దిగిపోతోందా? మెత్తగా ఉంటే టాపెట్ల మీద అనుమానం. వేడికి వాల్వ్ కాడ సాగుతుంది, ముఖ్యంగా పొగ బయటికి పంపే ఎగ్జాస్ట్ వాల్వ్‌ది. టాపెట్ దగ్గర గ్యాప్ తక్కువగా ఉంటే ఆ వాల్వ్ పూర్తిగా మూసుకోక కంప్రెషన్, అంటే లోపలి ఒత్తిడి, పోతుంది. గ్యాప్ ఎంత ఉండాలన్నది బండిని బట్టి మారుతుంది. పొడవాటి రాడ్లతో వాల్వ్‌లు నడిచే కొన్ని పాత పుష్‌రాడ్ ఇంజిన్లలో చల్లగా ఉన్నప్పుడు పైకీ కిందకీ ఆట లేకుండా, రాడ్ మాత్రం వేళ్లతో తిరిగేలా ఉంచుతారు. నీ బండి మాన్యువల్లో ఏముందో అదే వేదం, పక్క బండి లెక్క దీనికి పట్టించకు.

కిక్ గట్టిగానే ఉంటే ఇక కరెంట్ వంతు. ప్లగ్ తీసి, దాని బాడీని ఇంజిన్‌కి గట్టిగా ఆనించి కిక్ కొట్టు. ఒక జాగ్రత్త: ప్లగ్ కన్నం నుంచి పెట్రోల్ ఆవిరి చిమ్ముతుంది, కాబట్టి ప్లగ్‌ని దానికి దూరంగా, ఇంజిన్ చుట్టూ రెక్కల్లా ఉండే ఫిన్స్ మీద అటువైపు పెట్టు. స్పార్క్ నీలంగా, చిటుక్కుమంటూ వస్తే పెట్రోల్ వైపు వెళ్లు. ఎర్రగా, నీరసంగా వచ్చినా, అసలు రాకపోయినా, ముందు ప్లగ్ మార్చి మళ్లీ చూడు. అదే పరిస్థితి అయితే కండెన్సర్ మీద కన్నేయి.

నా దృష్టిలో పాత బండ్లలో అందరికంటే తక్కువ అనుమానానికి గురై, అందరికంటే ఎక్కువ ఏడిపించేది కండెన్సరే. పాయింట్లు, అంటే కాయిల్‌కి కరెంట్ కలిపి తెంచే రెండు లోహపు మొనలు, విడిపోతున్న క్షణంలో కరెంట్ ఆ సందులోంచి దూకబోతుంది. కండెన్సర్ దాన్ని పీల్చుకుంటేనే పాయింట్ల దగ్గర కరెంట్ టక్కున తెగుతుంది, అలా తెగితేనే కాయిల్‌లో పెద్ద వోల్టేజ్ పుడుతుంది. విలువ సాధారణంగా 0.2 మైక్రోఫారడ్ దగ్గర ఉంటుంది, చూడటానికి వేలెడంత కూడా ఉండదు. లోపలి ఇన్సులేషన్ ముసలిదైతే చల్లగా ఉన్నంతసేపు నిలబడి, వేడెక్కగానే లీక్ అవుతుంది. గుర్తు పట్టడం తేలిక. పాయింట్ల కవర్ తీసి, నీడలో ఎవరిచేతనైనా కిక్ కొట్టించు. పాయింట్ల మధ్య పెద్ద తెల్లటి మెరుపు కనపడితే, ఒకవైపు గుంటా ఇంకోవైపు బొడిపె పడి ఉంటే, కండెన్సర్ పని అయిపోయిందనుకో. కొత్తది వేసేటప్పుడు పాయింట్లని సన్న ఎమరీ కాగితంతో సమం చేసి, గ్యాప్ మాన్యువల్లో ఉన్నట్టు పెట్టు. చాలా బండ్లకి అది 0.35 నుంచి 0.40 మిల్లీమీటర్ల మధ్య ఉంటుంది. గ్యాప్ మారితే టైమింగ్, అంటే స్పార్క్ పడే సమయం, కూడా కదులుతుంది, కాబట్టి గ్యాప్ ముందు, టైమింగ్ తర్వాత. టైమింగ్ వెనకబడితే ఇంజిన్ వేడెక్కి సైలెన్సర్ పైపు నీలం తిరుగుతుంది. ముందుకు పోతే కిక్ వెనక్కి తన్ని మోకాలికి పనిచెబుతుంది.

కండెన్సర్ మార్చినా అలాగే ఉంటే కాయిల్ చూడు, అదీ వేడికే మొరాయిస్తుంది. అయితే ఇవన్నీ పెట్టుకోకముందు ఒక చిన్న పని ఉంది: ఐడిల్‌లో ఉంచి హ్యాండిల్‌ని ఈ చివరి నుంచి ఆ చివరికి తిప్పు. ఎక్కడైనా ఇంజిన్ తడబడితే స్టీరింగ్ మెడ దగ్గర వైరు లోపల తెగి ఉంది. బయట తొడుగు బాగానే కనిపిస్తుంది, అదే మోసం. హ్యాండిల్ ఊగుతుండగా ఆ వైరు కూడా కదిలితే నీ రెండు ఫిర్యాదులు ఒకటే అయినా ఆశ్చర్యం లేదు.

కార్బురేటర్ గురించి ఎక్కువ రాయను, నీకు దాన్ని విప్పే సరదా ఎలాగూ ఉంది. చోక్ వేస్తేనే నడిచి, స్లో స్పీడ్ నిలవకపోయి, పైన మాత్రం బాగుంటే పైలట్ జెట్, అంటే స్లో స్పీడ్‌కి పెట్రోల్ ఇచ్చే సన్న కన్నం, పూడుకుంది. నెలలు నిలబెట్టిన బండిలో పెట్రోల్ జిగురైపోయి ముందు ఆ కన్నాన్నే మూస్తుంది. కార్బురేటర్‌ని ఇంజిన్‌కి పట్టి ఉంచే ఫ్లాంజ్ నట్లు మాత్రం బలం చూపించి బిగించకు, ఆ మెత్తటి లోహం వంగి ఎయిర్ లీక్ అవుతుంది. ఇంటికొచ్చి ఐడిల్‌లో ఆపి తీసిన ప్లగ్ రంగు చూసి జెట్లు మార్చడం కూడా దండగ. అది ఐడిల్ కథే చెబుతుంది, రోడ్డు మీది కథ కాదు.

మళ్లీ చక్రానికి వద్దాం, నాకు నీ ఇంజిన్ కంటే ఇదే ఎక్కువ టెన్షన్. ఇంజిన్ ఆగితే పక్కన నిలబెడతావు. ముందు చక్రం మాట వినకపోతే అంత తీరిక ఉండదు. సెంటర్ స్టాండ్ వేసి, ముందు చక్రం నేల తగలకుండా లేపు. పైనా కిందా పట్టుకుని ఊపు. ఎవరైనా ముందు బ్రేక్ పట్టుకున్నప్పుడు కూడా అదే ఆట ఉంటే కోన్ సెట్, అంటే స్టీరింగ్ మెడ బేరింగ్, వదులైంది, బ్రేక్ పట్టగానే ఆట పోతే చక్రం బేరింగ్. తర్వాత హ్యాండిల్ నెమ్మదిగా తిప్పు. సరిగ్గా మధ్యలో చిన్న గుంటలో కూర్చున్నట్టు ఆగుతోందంటే కోన్ సెట్‌లో బాల్స్ గుంటలు చేసేశాయి. అది బిగిస్తే పోయేది కాదు, మార్చాల్సిందే. వెనక చక్రాన్ని పట్టి ఉంచే స్వింగ్ ఆర్మ్ కూడా పక్కలకి ఊపి చూడు. బుష్‌లు అరిగితే ముందు హ్యాండిలే ఊగుతున్నట్టు అనిపిస్తుంది.

తర్వాత స్పోకులు. సన్న స్పానర్‌తో ఒక్కోదాన్ని తట్టుకుంటూ చుట్టూ వెళ్లు. బిగువైనది వీణ తీగలా మోగుతుంది, వదులైనది టప్‌మంటుంది. వదులువి ఒకేచోట గుంపుగా ఉంటే రిమ్ అక్కడే పక్కకి పోయి ఉంటుంది. ఫోర్క్‌కి ఒక తీగ కట్టి, కొన రిమ్‌కి దగ్గరగా ఉంచి చక్రం తిప్పు, ఎక్కడ దూరమవుతుందో చాక్‌పీసుతో గుర్తుపెట్టు. 2 మిల్లీమీటర్ల లోపు అయితే దాన్ని ముట్టుకోకపోయినా నడుస్తుంది. ఎక్కువుంటే ముందు పైకీ కిందకీ ఉన్న ఎత్తుపల్లాలు సరిచేసి, ఆ తర్వాతే పక్కల సంగతి చూడాలి. రిమ్ కుడికి వాలితే అక్కడ హబ్ (చక్రం నడిమి భాగం) ఎడమ ఫ్లాంజ్‌కి, అంటే ఎడమ అంచుకి, వెళ్లే స్పోకులు పావు చుట్టు బిగించు, కుడివి అంతే వదులు చేయి. ఒకేసారి రెండు చుట్లు తిప్పావో, చక్రం గుడ్డు ఆకారం తెచ్చుకుంటుంది, దానితోపాటు డ్రమ్ కూడా. అప్పుడు బ్రేక్ పట్టినప్పుడల్లా లివర్ చేతిలో కొట్టుకుంటుంది. విప్పే ముందు రిమ్ హబ్‌కి ఎంత పక్కన ఉందో కొలిచి రాసిపెట్టుకో, చాలా బండ్లలో అది సరిగ్గా మధ్యలో ఉండదు. బిగించాక స్పోకు మొన దాని చివరి నట్, అంటే నిపుల్, దాటి లోపలికి పొడుచుకొస్తే ఆకురాయితో అరగదీయి, లేకపోతే ట్యూబ్ పంక్చర్.

టైరు పక్కన అంకెలు చూశావా? చివరి నాలుగు అంకెల్లో మొదటి రెండు వారం, తర్వాతి రెండు సంవత్సరం. 2311 అంటే 2011లో 23వ వారం. అలాంటిది గానీ నీ బండికి ఉంటే గుబ్బలు ఎంత కొత్తగా ఉన్నా తీసి పారేయి. టైరు అంచు వెంట ఉండే సన్నటి గీత రిమ్‌కి చుట్టూ సమదూరంలో ఉందో లేదో కూడా చూడు. ఒకచోట మునిగిపోయి ఉంటే టైరు సరిగ్గా కూర్చోలేదు, గాలి తీసి సబ్బునీళ్లు రాసి మళ్లీ ఎక్కించాలి. స్పోకులు ఎంత సరిచేసినా ఊగుడు తగ్గని బండ్లలో ఇది కనపడుతూ ఉంటుంది.

చక్రం తిరిగి వేసేటప్పుడు యాక్సిల్ నట్ వదులుగా ఉంచి బ్రేక్ గట్టిగా పట్టి, అలా పట్టుకునే నట్ బిగించు, షూలు మధ్యలో కూర్చుంటాయి. పాత షూల దుమ్ముని మాత్రం నోటితో గానీ ఎయిర్ గన్‌తో గానీ ఊదకు, అందులో ఆస్బెస్టాస్ ఉండొచ్చు. తడి గుడ్డతో తుడువు. వెనక చక్రం తిప్పుతూ చైన్‌ని చాలాచోట్ల చూసి, అన్నిటికంటే బిగుతుగా ఉన్నచోట సెట్ చేయి. చక్రాలు ఒకే వరుసలో ఉన్నాయో లేదో స్వింగ్ ఆర్మ్ మీద గీతల్ని నమ్మకుండా రెండు చక్రాల పక్కన దారం లాగి చూడు.

ఒకేసారి రెండు మార్చకు రా. ఒకటి మార్చు, నడుపు, రాసుకో. ముందు చక్రం పని అయ్యేదాకా 40 దాటకు. ఈసారి ఆగినప్పుడు మూత, కిక్, ప్లగ్ ఏం చెప్పాయో ఆ మూడూ రాసి పంపు. పాయింట్ల ఫొటో కూడా పెట్టు, గుంట ఏ వైపు పడిందో చూడాలి.

ఉంటాను మరి.