చలానా సంగతి సరే, పరిహారం ఎవరు కట్టాలి?

సంపాదకుల వారికి నమస్కారం.

ట్రాఫిక్ నిబంధనల మీద పత్రికల్లో వచ్చే వార్తలు చాలావరకు జరిమానాల చుట్టూనే తిరుగుతున్నాయి. హెల్మెట్ లేకపోతే ఎంత, సిగ్నల్ దాటితే ఎంత, పెండింగ్ చలానాల మీద రాయితీ ఎప్పుడిస్తారు అన్నవి అందరికీ తెలుసు. ప్రమాదం జరిగి ఒక మనిషి చనిపోతే బండి యజమాని మీద ఎంత బాధ్యత పడుతుందో, దాన్ని ఏ దారిలో వసూలు చేస్తారో మాత్రం విడమరచి చెప్పేవారు కరువయ్యారు. ఆ సంగతులు మీ పాఠకుల ముందు పెట్టాలనే ఈ లేఖ రాస్తున్నాను.

ముందు లెక్క చూద్దాం. మోటారు ప్రమాదాల క్లెయిముల ట్రిబ్యునల్ పరిహారాన్ని ఉజ్జాయింపుగా ఇవ్వదు. 2009లో ఒకటి, 2017లో ఒకటి సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పులతో దేశమంతటా ఒకే పద్ధతి స్థిరపడింది. నెలకు 20 వేలు సంపాదించే 32 ఏళ్ల తాపీ మేస్త్రి ఒక బైకు గుద్దడంతో చనిపోయాడనుకుందాం. భార్య, ఇద్దరు పిల్లలు, తల్లి ఆయన సంపాదన మీదే బతుకుతున్నారు. ఏడాది ఆదాయం 2,40,000. నలభై ఏళ్లలోపు వయసు, సొంతంగా పనిచేసుకునే మనిషి కాబట్టి ముందుముందు పెరగబోయే ఆదాయం కింద 40 శాతం కలుపుతారు. అప్పుడది 3,36,000 అవుతుంది. ఆధారపడినవారు నలుగురు కాబట్టి ఆయన సొంత ఖర్చుల కింద నాలుగో వంతు తీసేస్తారు, 2,52,000 మిగులుతుంది. 31 నుంచి 35 ఏళ్ల వయసుకు గుణకం 16, అంటే ఆ మొత్తాన్ని 16తో గుణిస్తారు. వెరసి 40,32,000 రూపాయలు. అంత్యక్రియల ఖర్చు, కుటుంబ సభ్యులు ఆయన తోడు కోల్పోయినందుకు ఇచ్చే మొత్తం వేరు. దరఖాస్తు వేసిన నాటి నుంచి వడ్డీ కూడా వేస్తారు. చనిపోయింది నెలకు లక్ష జీతం తెచ్చుకునే ఉద్యోగి అయితే ఇదే లెక్క కోటి దాటిపోతుంది.

థర్డ్ పార్టీ బీమా అమల్లో ఉండి, నడిపినవారికి ఆ తరహా బండి నడిపే లైసెన్స్ ఉంటే ఈ సొమ్మంతా బీమా కంపెనీయే కడుతుంది. ఎదుటివారి మరణానికి, గాయాలకు ఆ పాలసీలో గరిష్ఠ పరిమితి అంటూ లేదు. చిక్కంతా ఈ రెండింటిలో ఏదో ఒకటి లేనప్పుడే. లైసెన్స్ లేనివారు నడిపితే, బాధితులకు ముందు కంపెనీ చేత కట్టించి, ఆ మొత్తాన్ని యజమాని దగ్గర రాబట్టుకోమని కోర్టులు ఆదేశిస్తుంటాయి. మోటారు వాహనాల చట్టానికి 2019లో చేసిన సవరణతో మద్యం మత్తులో నడపడాన్ని కూడా బీమా కంపెనీ అభ్యంతరం చెప్పదగిన కారణాల్లో చేర్చారు. బీమాయే లేకపోతే నడిపిన మనిషి, యజమాని నేరుగా కట్టుకోవాల్సిందే. కట్టకపోతే మోటారు వాహనాల చట్టం సెక్షన్ 174 కింద ట్రిబ్యునల్ కలెక్టరుకు ధ్రువపత్రం పంపగలదు. భూమి శిస్తు బకాయిలు వసూలు చేసిన పద్ధతిలోనే దీన్నీ వసూలు చేస్తారు. అంటే ఇల్లు, పొలం జప్తు దాకా వెళ్లవచ్చు. బీమా లేని బండికి చట్టంలో మొదటిసారి జరిమానా 2,000 రూపాయలు, లేదా మూడు నెలల వరకు జైలు, లేదా రెండూ. ఆ రెండు వేలను చూసి ఆ నలభై లక్షలను మరిచిపోతున్నాం.

మరి పొరపాటు ఎక్కడ జరుగుతోంది? సుప్రీంకోర్టు ఆదేశంతో 2018 సెప్టెంబరు 1 నుంచి కొత్త ద్విచక్ర వాహనానికి ఐదేళ్ల, కొత్త కారుకు మూడేళ్ల థర్డ్ పార్టీ బీమా కొనేటప్పుడే తీసుకోవాలి. మంచి నిర్ణయమే. అయితే ఐదేళ్లపాటు బీమా ఊసెత్తే అవసరం ఉండదు కాబట్టి, ఆరో ఏడు వచ్చేసరికి గడువు ముగిసిన సంగతి చాలామందికి గుర్తుండదు. ఇంట్లో కొత్త బండి వచ్చి, పాతది ఇంటర్ చదివే పిల్లాడి చేతికి వెళ్లేది కూడా సరిగ్గా అప్పుడే. బీమా లేని బండి, లైసెన్స్ లేని పిల్లాడు ఒకే చోట కలుస్తున్నారు. నా దృష్టిలో ఇంతకు మించిన ప్రమాదకరమైన కలయిక రోడ్డు మీద మరొకటి లేదు.

మైనర్ల విషయంలో చట్టం చాలా కఠినంగా ఉంది. 2019 సవరణతో వచ్చిన సెక్షన్ 199ఏ ప్రకారం మైనర్ బండి నడిపి నేరం చేస్తే సంరక్షకుడు లేదా యజమానిదే తప్పు. మూడేళ్ల వరకు జైలు, 25,000 జరిమానా, బండి రిజిస్ట్రేషన్ పన్నెండు నెలలపాటు రద్దు. ఆ పిల్లాడికి 25 ఏళ్లు నిండేదాకా లైసెన్స్ రాదు. "నాకు తెలియకుండా తీసుకెళ్లాడు" అని నోటిమాటగా చెబితే చెల్లదు. తెలిసే ఇచ్చారని కోర్టు ముందే భావిస్తుంది. తెలియదని, తగిన జాగ్రత్తలన్నీ తీసుకున్నామని రుజువు చేసుకోవాల్సిన భారం పెద్దలదే. పదహారేళ్లకే గేర్లు లేని బండికి లైసెన్స్ ఇస్తారు కదా అని కొందరు వాదిస్తారు. నిజమే, కానీ అది 50 సీసీ మించని బండికే. మన వీధుల్లో తిరిగే మామూలు స్కూటర్లు 110, 125 సీసీవి. వాటికి పద్దెనిమిదేళ్లు నిండాల్సిందే.

పాత బండి అమ్మేటప్పుడు జరిగే పొరపాటు మరొకటి. యజమాని పేరు మార్పిడికి వాడే ఫారం 29, 30ల మీద, అవి ఖాళీగా ఉండగానే సంతకాలు పెట్టి, తాళాలిచ్చి, డబ్బు తీసుకుని వచ్చేస్తాం. బండి ఎన్ని చేతులు మారినా ఆర్సీలో పేరు మారనంతకాలం చట్టం దృష్టిలో యజమాని మనమే. రికార్డుల్లో ఉన్న యజమానే పరిహారానికి బాధ్యుడని 2018లో సుప్రీంకోర్టు తేల్చిచెప్పింది. అమ్మిన పద్నాలుగు రోజుల్లోగా రవాణా శాఖకు తెలియజేయాలని సెక్షన్ 50 చెబుతోంది. కొన్నవారు మార్పించుకుంటారులే అని వదిలేయకుండా, ఆర్సీ మారిందో లేదో ఎంపరివాహన్ యాప్‌లో బండి నంబరు కొట్టి చూసుకోవాలి. బీమా ఎప్పటిదాకా ఉందో కూడా అక్కడే కనిపిస్తుంది.

ప్రమాదం జరిగిన ప్రతిసారీ వినిపించే మాట ఒకటుంది: "అకస్మాత్తుగా అడ్డొచ్చాడు." నిజంగానే అడ్డొచ్చి ఉండవచ్చు, కొన్ని కేసుల్లో బాధితుడి నిర్లక్ష్యం మేరకు పరిహారం తగ్గిస్తారు కూడా. కానీ వేగం లెక్క కూడా చూడాలి. గంటకు 60 కిలోమీటర్ల వేగమంటే సెకనుకు దాదాపు 17 మీటర్లు. ఎదురుగా మనిషిని చూసి, కాలు బ్రేకు మీదికి వెళ్లడానికి ఒకటిన్నర సెకను పట్టిందనుకుంటే అప్పటికే బండి 25 మీటర్లు వెళ్లిపోతుంది. పొడి రోడ్డు మీద మంచి బ్రేకులతో ఆగడానికి మరో 20 మీటర్లు కావాలి. మొత్తం 45. అదే 80 వేగంలో అయితే బ్రేకు పడేలోపే 33 మీటర్లు పోతుంది, ఆగేసరికి దాదాపు 70 అవుతుంది. 60లో వచ్చిన బండి ఆగిపోయిన 45 మీటర్ల దగ్గర, 80లో వచ్చిన బండి ఇంకా 65 కిలోమీటర్ల వేగంతో ఉంటుంది. అక్కడున్న మనిషి మొదటి బండి కింద పడడు, రెండో బండి దెబ్బకు బతకడం కష్టం. తడి రోడ్డు, అరిగిన టైరు, చేతిలో ఫోను తోడైతే ఈ దూరాలు ఇంకా పెరుగుతాయి. ఫోను చేత్తో పట్టుకుని నడపడం, సిగ్నల్ దాటడం, రాంగ్ రూట్‌లో రావడం సెక్షన్ 184 కింద ప్రమాదకర డ్రైవింగ్ అవుతాయి. మొదటిసారికే ఆరు నెలల నుంచి ఏడాది దాకా జైలు, లేదా వెయ్యి నుంచి ఐదు వేల వరకు జరిమానా, లేదా రెండూ పడవచ్చు.

దెబ్బతిన్నవారిని ఆస్పత్రికి చేర్చడానికి జనం ఇంకా భయపడుతున్నారు. సెక్షన్ 134ఏ సాయం చేసినవారికి రక్షణ ఇస్తోంది. పేరు, చిరునామా చెప్పమని పోలీసులు, ఆస్పత్రివారు బలవంతపెట్టకూడదు. 2025 మే నుంచి అమల్లోకి వచ్చిన కేంద్ర పథకం కింద బాధితుడికి ఏడు రోజుల వరకు, లక్షన్నర దాకా నగదు రహిత చికిత్స అందుతుంది. 112కు ఫోన్ చేయడానికి ఎవరూ వెనకాడనక్కర్లేదు.

ఇక అధికారులకు నా విన్నపం. కెమెరా చలానా నంబరు ప్లేటు ఆధారంగా యజమానికి వెళ్తుంది, నడిపిందెవరో దానికి తెలియదు. పదహారేళ్ల పిల్లాడు హెల్మెట్ లేకుండా దొరికితే తండ్రి ఫోనుకు హెల్మెట్ చలానా వస్తుంది, ఆయన కట్టేస్తాడు, పిల్లాడు మర్నాడు మళ్లీ అదే బండి తీస్తాడు. సెక్షన్ 194డీ ప్రకారం హెల్మెట్ ఉల్లంఘనకు జరిమానాతో పాటు మూడు నెలలు లైసెన్స్ అనర్హత కూడా ఉంది. మనిషెవరో తేలనప్పుడు ఆ శిక్ష అమలయ్యే దారే లేదు. కాబట్టి ఫొటోలతో సరిపెట్టకుండా కళాశాలల దగ్గర, ట్యూషన్ కేంద్రాల దగ్గర బండి ఆపి లైసెన్స్ చూడాలి. మైనర్ అయితే బండిని స్టేషన్‌లో ఉంచి తల్లిదండ్రులను పిలిపించాలి.

రవాణా శాఖ దగ్గర ప్రతి బండి బీమా గడువు, యజమాని ఫోన్ నంబరు ఉన్నాయి. గడువుకు నెల ముందు ఒకసారి, వారం ముందు మరోసారి తెలుగులో సందేశం పంపడానికి పెద్ద ఖర్చు కాదు. చలానా సందేశంలోనే "మీ బండి బీమా ఫలానా తేదీన ముగిసింది" అన్న ఒక్క వాక్యం చేర్చినా ఎంతోమంది మేలుకుంటారు. మీ పత్రిక కూడా ప్రమాద వార్త రాసేటప్పుడు మృతుల సంఖ్యతో ఆపకుండా ఆ బండికి బీమా ఉందా, నడిపినవారికి లైసెన్స్ ఉందా అన్నవి తప్పకుండా రాయాలని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక పాఠకుడు