వలస వచ్చిన ఆడవాళ్ల కథలు తెలుగులోనూ కావాలి

సంపాదకులు గారికి నమస్కారం.

తెలుగులో చారిత్రక నవల అంటే రాజులు, కోటలు, యుద్ధాలే ఎక్కువ. విప్లవం రావడంతో సొంత ఊరు వదిలి పారిపోయిన ఆడవాళ్ల మీద ఇంగ్లీషులో ఎన్నో నవలలు వస్తున్నాయి. మన అమ్మాయిలు వాటిని ఫోన్లలో చదువుకుంటున్నారు. ఇంగ్లీషు రాని వాళ్ల అమ్మలకు మాత్రం అవి అందడం లేదు. నా బాధంతా ఇదే.

రష్యాలో 1917 విప్లవం తర్వాత సాగిన అంతర్యుద్ధంలో, 1920 నవంబరులో నల్లసముద్రం ఒడ్డునున్న క్రిమియా నుంచి 126 ఓడల్లో దాదాపు లక్షన్నర మంది రష్యన్లు కాన్‌స్టాంటినోపుల్‌కు (ఇప్పటి ఇస్తాంబుల్) తరలిపోయారు. ఓడ దిగాక ఆ ఇళ్లు ఎవరు నడిపారు? రష్యా చివరి చక్రవర్తి జార్ నికోలస్‌కు స్వయానా బాబాయి కూతురు మరియా పావ్లోవ్నా సంగతే చూడండి. 1908లో, 18 ఏళ్లకే, పెద్దలు కుదిర్చిన స్వీడన్ రాజకుమారుడిని పెళ్లాడింది. 1914లో విడాకులు తీసుకుంది. విప్లవం తర్వాత పారిస్ చేరి, 1921లో కిట్మీర్ అనే ఎంబ్రాయిడరీ సంస్థ పెట్టి షానెల్ అనే ఫ్యాషన్ సంస్థ బట్టలకు పని చేసిపెట్టింది. తనలాగే రష్యా వదిలి వచ్చిన ఆడవాళ్లకు అందులో పని ఇచ్చింది. రాజభవనంలో కాలక్షేపానికి పట్టిన సూదే పరదేశంలో కూడు పెట్టింది. మగ్గం వర్క్ చేసి పిల్లల ఫీజులు కట్టే మన తల్లులకు ఈ కథ విడమరిచి చెప్పక్కర్లేదు.

సంపాదన చేతికొచ్చాక ఇంట్లో మాట ఎవరిదన్న పేచీ మొదలవుతుంది. వంశం, పరువు అని పెద్దవాళ్లు. ముందు అద్దె కట్టాలి కదా అని కూతుళ్లు. మంచి నవల అక్కడే పుడుతుంది.

అంత దూరం ఎందుకు? బర్మాలో 1962లో సైన్యాధిపతి నె విన్ నడిపిన విప్లవ మండలి అధికారం పట్టి, 1964లో షాపులు జాతీయం చేశాక లక్షల మంది భారతీయులు తిరిగొచ్చేశారు. అలా వచ్చినవాళ్లు ఉన్న పేటకు విశాఖలో బర్మా క్యాంపు అనే పేరు ఇప్పటికీ ఉంది. రంగూన్‌లో పుట్టి పెరిగిన పిల్ల, ఎన్నడూ చూడని సొంతూరికి వచ్చి ఇక్కడి కట్టుబాట్లలో ఎలా ఇమిడిందో, ఎక్కడ ఎదురు తిరిగిందో ఎవరు రాయాలి? అప్పటికే పెళ్లీడుకొచ్చిన వాళ్లకు ఇప్పుడు ఎనభై దాటింది. ఇంకా ఆలస్యం చేస్తే చెప్పేవాళ్లే ఉండరు.

శ్రీ పద్మావతి మహిళా విశ్వవిద్యాలయం 1983 నుంచి మన తిరుపతిలోనే ఉంది. ఆ పెద్దావిడల జ్ఞాపకాలను విద్యార్థినుల చేత రికార్డు చేయించాలని, ఇతర దేశాల నవలలను తెలుగులోకి తేవాలని కోరుతున్నాను. ఇంటిపన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సెస్సు కడుతున్నాం కాబట్టి, వాటిని కొనమని లైబ్రరీలను అడిగే హక్కు మనకుంది. నవంబరు గ్రంథాలయ వారోత్సవాల్లో ఒక సాయంత్రం వీటి మీద చర్చ పెట్టండి. ఆడవాళ్లు పని ముగించుకుని రాగలిగే టైంలో పెడితే మేమే పదిమందిని వెంటబెట్టుకుని వస్తాం.

– ఒక పాఠకురాలు, తిరుపతి