మీ చిన్నాయన గోలీలు ఎందుకు మానేస్తున్నాడంటే

దేవరకొండ

బిడ్డకు నాన్న ఆశీస్సులు.

మీ చిన్నాయన మళ్లీ గోలీలు మానేశాడని తెలిసి, "ఇంట్లో ఇంతమంది ఉండి రాత్రిపూట ఒక్క గోలీ మింగించలేకపోతున్నారా?" అని నువ్వు ఫోనులో అడిగావు. నాయనమ్మ పక్కన కూర్చుని వింటుండగా జవాబు చెప్పగలిగే ప్రశ్న కాదది, అందుకే ఉత్తరం రాస్తున్నాను. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఫార్మసిస్టుగా పనిచేసినంత కాలం, మీ చిన్నాయనకు ఉన్న ఈ స్కిజోఫ్రీనియా అనే మనోవ్యాధి ఉన్నవాళ్లకు గోలీలు లెక్కపెట్టి ఇచ్చినవాణ్ని. కొన్నాళ్లు క్రమం తప్పకుండా వచ్చి, ఆ తరువాత కనబడకుండా పోయినవాళ్లను చాలామందిని చూశాను. వాళ్లలో ఊరికే మొండితనంతో మానేసినవాళ్లు తక్కువ. ఎవరిని కదిలించినా, వాళ్ల బతుకులోంచి చూస్తే కాదనలేని కారణం ఒకటి బయటపడేది.

అన్నిటికన్నా పెద్ద కారణం జబ్బు తగ్గడమే. మన పల్లెల్లో గోలీ అంటే బాధ ఉన్నన్నాళ్లు వేసుకునేది. చెవిలో మాటలు వినిపించడం, ఎవరో తనను చంపజూస్తున్నారన్న భయం మందు మొదలుపెట్టిన కొన్ని వారాలకు తగ్గుముఖం పడతాయి. తగ్గిన మనిషి పనికి పోతాడు, నలుగురిలో కూర్చుంటాడు, ఇంకెందుకులే అనుకుంటాడు. మానేసిన మరునాడే జబ్బు తిరగబెడితే అతనికీ మనకూ సంగతి అర్థమయ్యేది. కానీ వారాలు, ఒక్కోసారి నెలలు బాగానే గడిచిపోతాయి, ఆ నెలలే గోలీలు అక్కరలేదనడానికి సాక్ష్యమై కూర్చుంటాయి. నిద్ర తగ్గి, అనుమానం మొదలయ్యే నాటికి గోలీ మానిన సంగతి ఎవరికీ గుర్తుండదు, అమావాస్య నాడు తొక్కిన నిమ్మకాయ మాత్రం గుర్తొస్తుంది.

ఎన్నో అధ్యయనాలను కలిపి చూసిన ఒక సమీక్ష 2012లో లాన్సెట్ వైద్య పత్రికలో వచ్చింది. మందు కొనసాగించినవారిలో ఏడాది లోపల జబ్బు తిరగబెట్టినవారు నూటికి 27 మంది, ఆపినవారిలో 64 మంది. తేడా చిన్నది కాదు. అయితే అదే లెక్క ప్రకారం, మానేసినా బాగున్నవాడూ ఉంటాడు, క్రమంగా వేసుకున్నా తిరగబెట్టినవాడూ ఉంటాడు. ఊళ్లో చెప్పుకునేది ఆ ఇద్దరి కథే. మిగిలినవాళ్ల గురించి చెప్పుకోవడానికి ఏముంటుంది?

తనకు జబ్బు ఉందని తెలియకపోవడం కూడా చాలామందిలో ఈ జబ్బులో భాగమే. చిన్నాయన "నాకేమీ లేదు" అన్నప్పుడు అతను అబద్ధం ఆడటం లేదు. షుగరు గోలీల్లాగే ఇవీ రోజూ వేసుకోవాలని డాక్టర్లు చెప్తారు, నేనూ చెప్పేవాణ్ని. కానీ షుగరు ఉన్నవాడికి రక్తపరీక్ష కాగితం చూపించి ఒప్పించవచ్చు. ఈ జబ్బుకు అటువంటి కాగితం ఏదీ లేదు. ఇతరుల మాట నమ్మాలి, నమ్మలేకపోవడమే ఇక్కడ జబ్బు. దానికి తోడు సర్కారు సరఫరాలో కంపెనీ మారినప్పుడల్లా గోలీ రంగు, సైజు మారిపోతాయి. విషం పెడుతున్నారేమోనని ముందే భయపడుతున్న మనిషి చేతిలో నిన్న తెల్ల గోలీ, నేడు పసుపు గోలీ పెడితే అతను ఏమనుకోవాలి?

ఇక మందు శరీరానికి చేసేది. దీన్ని మన ఇంట్లో ఎవరూ సరిగా పట్టించుకోలేదని నా అభిప్రాయం. మీ చిన్నాయన తాటిచెట్టు ఎక్కే మనిషి. తెల్లవారుజామున మోకు బిగించుకుని చెట్టెక్కాలంటే కళ్లు తేటగా ఉండాలి, చేతులు చెప్పినట్టు వినాలి. హాలోపెరిడాల్ వంటి పాత మందులతో ఒళ్లు బిగుసుకుంటుంది, చేతులు వణుకుతాయి. అది తగ్గడానికి ట్రైహెక్సీఫెనిడిల్ కలిపి ఇస్తారు, అయితే దవాఖానలో ఒకటి ఉన్నప్పుడు ఇంకొకటి ఉండని నెలలు నాకు తెలుసు. ఓలాంజపిన్‌తో వణుకు తక్కువే కానీ మత్తు, ఆకలి, బరువు పెరుగుతాయి. కొందరికి ఒక్క క్షణం కూర్చోలేని అశాంతి పుడుతుంది, వాకిట్లో అటూ ఇటూ తిరుగుతూనే ఉంటారు. ఇంటివాళ్లు జబ్బు ముదిరిందని చెప్తే, ఆ మాట మీద మోతాదు పెంచితే, ఆ తిరుగుడు ఇంకా పెరుగుతుంది. పెళ్లయిన మగవాళ్లు ఫార్మసిస్టుకు కూడా చెప్పుకోలేని ఇబ్బంది మరొకటి ఉంది. భార్యలు సగం మాటలో చెప్పి తల దించుకునేవారు. "గోలీలు వేడి చేస్తాయి" అన్న మాటను కూడా నవ్వి తీసిపారేయకు. ఈ మందులు ఒంటి వేడిని అదుపు చేసుకునే శక్తిని తగ్గిస్తాయి, నల్లగొండ మే నెల ఎండలో కూలి చేసేవాడికి అది నిజంగానే ప్రమాదం.

మందు ఉచితమే కావచ్చు, కానీ దానికోసం తండాల నుంచి నల్లగొండ దాకా ఇద్దరు రావాలి, ఇద్దరి కూలీ పోవాలి. పాలమూరు వైపు పనిచేసినప్పుడు చూసిన సంగతి వేరు. గుంపు మేస్త్రీ దగ్గర అడ్వాన్సు తీసుకుని ముంబయికో పుణెకో వలస పోయేవాళ్ల సంచిలో నెల గోలీలే ఉండేవి. అవి అయిపోయాక కొత్త ఊళ్లో, భాష రాని చోట, ఒక రోజు పని మానుకుని మానసిక వైద్యుడిని వెతుక్కోవడం ఎవరి వల్ల అవుతుంది? మందు కల్లు సంగతి కూడా చెప్పాలి. ఆల్ప్రజోలం, డయజెపామ్ కలిపిన కల్లు తాగినవాడికి నిద్ర పడుతుంది. నిద్ర పట్టింది కాబట్టి గోలీతో పనిలేదని ఇంటివాళ్లు సంతోషిస్తారు. నిద్ర రావడం వేరు, అనుమానాలు పోవడం వేరు.

ఆడపిల్లల విషయం ఇంతకన్నా కష్టం. పెళ్లికి ముందు దాచిపెట్టిన జబ్బు, పెళ్లయ్యాక గోలీల స్ట్రిప్పు రూపంలో అత్తగారింటికి వెళ్లాలి. హిందూ వివాహ చట్టంలో విడాకుల కారణాలు చెప్పే 13వ సెక్షనులో ఈ జబ్బు పేరు స్పష్టంగా ఉంది. కలిసి బతకలేనంత తీవ్రంగా ఉంటేనే అది వర్తిస్తుంది, కానీ పేరు ఉన్నదన్నంత వరకే జనానికి తెలుసు. అందుకే బియ్యం డబ్బాలో గోలీలు దాచుకున్న అమ్మాయి, దొరికిపోతానన్న భయంతో ఒకనాడు వాటిని పారేస్తుంది. కడుపుతో ఉందని తెలియగానే డాక్టరును అడగకుండా ఆపేసినవాళ్లూ ఉన్నారు. వికలాంగుల హక్కుల 2016 చట్టం ప్రకారం మానసిక రుగ్మత కూడా వైకల్యాల్లో ఒకటి, సర్టిఫికెట్టు ఉంటే పింఛనుకు దరఖాస్తు చేయవచ్చు. అయినా ఆ సర్టిఫికెట్టు ఇచ్చే శిబిరంలో ఊరందరి ముందు వరుసలో నిలబడటం చిన్నాయనకు ఇష్టం లేదు. మానసిక వైద్యశాల ఉన్నందుకు ఎర్రగడ్డ అన్న పేరే తిట్టుగా మారిన చోట అతని అయిష్టం నాకు అర్థమవుతుంది.

జహంగీర్ పీర్ దర్గాకు తీసుకుపోవడం వల్లనే మందు ఆగిపోయిందని నువ్వు నాయనమ్మ మీద కోపంగా ఉన్నావు. దర్గాకు పోయి వచ్చి గోలీ వేసుకునేవాళ్లు ఎందరో ఉన్నారు. తాయత్తు కట్టినవాడు పథ్యం పేరుతో గోలీలు కూడా మానమన్నప్పుడే చిక్కు. మొక్కు మొక్కుకోనివ్వు, గోలీ ఆపకూడదన్న మాట మాత్రం నాయనమ్మ నోటి నుంచే రావాలి, ఆమె మాట అతను వింటాడు.

మజ్జిగలో కలిపి ఇద్దామన్న నీ ఆలోచనకు నేను ఒప్పుకోను. తెలిసిన రోజున, తినే దానిలో ఏదో కలుపుతున్నారన్న అతని అనుమానం నిజమవుతుంది, ఆ తరువాత చిన్నమ్మ చేతి అన్నం కూడా తినడు. రెండు నుంచి నాలుగు వారాలకు ఒకసారి వేసే ఫ్లూఫెనజిన్ వంటి సూదిమందు ఉంది. రోజూ రాత్రి ఇంట్లో జరిగే తగాదా దానితో తప్పుతుంది, కానీ అతను ఒప్పుకుంటేనే. ఈలోగా నిద్ర బొత్తిగా తగ్గిందని నీకు ఫోనులో అనిపిస్తే, 14416కు చెయ్యి. అది సర్కారు మానసిక ఆరోగ్య సహాయ ఫోను, టెలీ మానస్. వాళ్లు తెలుగులో మాట్లాడతారు, డబ్బు తీసుకోరు.

దసరాకు నువ్వు వచ్చినప్పుడు నల్లగొండలో మానసిక వైద్యుడి దగ్గరికి అందరం కలిసి పోదాం. వచ్చీ రాగానే గోలీ వేసుకున్నావా అని అడగకు, ఏది వేసుకుంటే చెట్టెక్కలేకపోయావని అడుగు. డాక్టరు ముందు మనం మాట్లాడకుండా, చేతుల వణుకు గురించి, పొద్దుటి మత్తు గురించి అతనితోనే చెప్పిద్దాం. మోతాదు తగ్గించవచ్చా, మందు మార్చవచ్చా అన్నది ఆ తరువాత నువ్వు అడుగు. చిన్నమ్మను కూడా లోపలికి తీసుకుపోవాలి, ఆమె మన ఎవరి ముందూ చెప్పని సంగతులు కొన్ని ఉన్నాయి, కాబట్టి ఆ కాసేపు మనం బయట కూర్చుందాం.

ఇట్లు
మీ నాన్న