నన్ను రింగ్ ఎక్కనివ్వని వాళ్లకు

అందరికీ నమస్కారం. కుడిచెయ్యి ఇంకా పూర్తిగా స్వాధీనంలోకి రాలేదు కాబట్టి ఇదంతా ఎడమచేతి బొటనవేలితో టైపు చేస్తున్నాను. దిద్దే పని తమ్ముడికి అప్పగించాను. తప్పులు కనిపిస్తే వాడినే అనండి.

నెలన్నరగా ఎంతోమంది ఫోన్లు చేశారు, ఇంటికి వచ్చారు, డబ్బు పంపారు. ఎవరికీ సరిగ్గా కృతజ్ఞతలు చెప్పుకోలేకపోయాను. నేను బాక్సింగ్ పోటీ నుంచి ఎందుకు తప్పుకున్నానో చాలామందికి తెలియదు కూడా. ఓడిపోతానన్న భయంతో తప్పుకున్నానని ఎవరో అన్నారట. వాళ్ల సంగతి అలా ఉంచి, సాయం చేసినవాళ్లకైనా జరిగింది జరిగినట్టు తెలియాలి కదా.

ముందుగా ఒప్పుకోవాల్సిన విషయం: నా చెయ్యి పంచ్ వేస్తే విరగలేదు. రాష్ట్ర ఎంపిక పోటీలకు ఎనిమిది రోజుల ముందు, విశాఖలో మా జిమ్‌లో స్పారింగ్ (సాధన పోరు) ముగిసి గంట కొట్టేశాక, గ్లవ్స్ విప్పేసి నీళ్లసీసా కోసం వెనక్కి తిరిగాను. మా ఊరి ఉక్కపోత తెలిసిందే, ఆ పూట రింగ్ అంతా చెమటతో తడిసి ఉంది. కాలు జారింది. కిందపడుతూ కుడి అరచెయ్యి ఆనించాను, అంతే. ఆరేళ్లు బాక్సింగ్ చేసి చివరికి నీళ్ల కోసం వెళ్తూ పడ్డానని చెప్పుకోవడానికి ఇప్పటికీ మొహం చెల్లడం లేదు.

మర్నాడు ఒక చోట ఎక్స్‌రే తీయించుకున్నాను. "ఎముకకేమీ కాలేదు, బెణికింది" అన్నారు. ఆ మాట నాకు వరంలా వినిపించింది. ఆ కవరు మడిచి బ్యాగులో పెట్టుకుని, ఎవరైనా అడిగితే చూపించడానికి సిద్ధంగా తిరిగాను. అమ్మ పసుపూ సున్నం కలిపి పట్టు వేసింది. కోచ్ సార్‌కు మాత్రం చెప్పలేదు. జాబ్‌కు, అంటే ముందు చేత్తో వేసే గుద్దుకు, పదును పెడుతున్నానని అబద్ధం చెప్పి వారం రోజులూ ఎడమచేత్తోనే బ్యాగ్ కొట్టాను. "ఎన్నాళ్లకు నా మాట విన్నావమ్మా!" అని సార్ సంతోషించారు కూడా. సార్, అందుకు క్షమించండి.

ఎందుకు దాచానంటే కారణం ఒకటే. నాకు ఇరవై మూడేళ్లు. నాన్న ఆటో మీద నడిచే ఇల్లు మాది. జాతీయ పోటీలకు వెళ్లిన సర్టిఫికెట్ ఉంటే స్పోర్ట్స్ కోటాలో ఉద్యోగానికి దరఖాస్తు పెట్టుకోవచ్చు. అది కాక అరవై కిలోల నుంచి 57 కిలోల విభాగంలోకి దిగడానికి నెల రోజులు నోరు కట్టుకున్నాను. చివరి రెండు రోజులు నీళ్లు కూడా గుక్కలు లెక్కపెట్టుకుని తాగాను. అంత చేశాక మణికట్టులో సలుపు ఒక లెక్కా అనిపించింది.

పోటీలు వేరే ఊళ్లో. తూకంలో 56.8 వచ్చింది. డ్రా తీశారు, మర్నాటి సాయంత్రం నా క్వార్టర్ ఫైనల్. ఆ రాత్రి తేలికపాటి ప్యాడ్ వర్క్ (కోచ్ పట్టుకున్న ప్యాడ్ల మీద గుద్దే సాధన) కోసం సార్ నా చేతికి బ్యాండేజీ కట్టడం మొదలుపెట్టారు. గ్లవ్స్ కింద కట్టే నాలుగున్నర మీటర్ల గుడ్డ అది. ముందు బొటనవేలికి ఉచ్చు తగిలించి, మణికట్టు చుట్టూ మూడు చుట్లు, పిడికిలి మీద మూడు చుట్లు, తర్వాత వేళ్ల సందుల్లోంచి. ఆరేళ్లుగా ఆయనే కడుతున్నారు, కట్టేటప్పుడు చేతివైపు చూడరు కూడా. ఆ రోజు బొటనవేలి మొదట్లో చుట్టు బిగించగానే నా భుజం కదిలింది. నోట్లోంచి చప్పుడు రాలేదు, భుజం ఒక్కటే అంగుళం పైకి లేచింది. సార్ ఆగిపోయారు. మళ్లీ అదే చోట బిగించారు. ఈసారి చేతివైపు కాదు, నా మొహంవైపు చూస్తూ.

మా జట్టుకు ఫిజియో లేరు. పక్క గదిలో మరో జిల్లా జట్టు ఫిజియో గారు ఉంటే సార్ పిలుచుకొచ్చారు. తమాషా ఏమిటంటే మర్నాడు నాతో తలపడాల్సిన అమ్మాయి ఆ జట్టుదే.

ఆయన నా చెయ్యి తీసుకుని బొటనవేలు పైకెత్తమన్నారు. అలా ఎత్తితే వేలి మొదట్లో, మణికట్టు దగ్గర ఒక చిన్న గుంట పడుతుంది. మీరూ ఎత్తి చూడండి. పూర్వం అందులో ముక్కుపొడుం పోసుకుని పీల్చేవారట, డాక్టర్లు ఆ గుంటను ఇప్పటికీ ఆ పేరుతోనే పిలుస్తారని ఆయనే చెప్పారు. మా నాయనమ్మ గుర్తొచ్చి నవ్వబోయాను. అంతలో ఆయన ఆ గుంటలో చూపుడువేలితో నొక్కారు. నవ్వు ఎటు పోయిందో తెలియదు.

"ఇది బెణుకు కాదమ్మా. స్కాఫాయిడ్ అని మణికట్టులో ఒక చిన్న ఎముక, అది చిట్లి ఉండొచ్చు. మొదటి ఎక్స్‌రేలో చాలాసార్లు కనిపించదు. రేపు దిగకు" అన్నారు.

అప్పుడు నేనన్న మాట ఇక్కడ రాయడానికి సిగ్గుగా ఉంది, అయినా రాయాలి. "మీ అమ్మాయికి వాకోవర్ కావాలంటే నేరుగా అడగండి సార్" అన్నాను. ఎదుటివాళ్లు దిగకపోతే ఆడకుండానే దక్కే గెలుపు అది. గదిలో అందరూ విన్నారు. మా సార్ తల దించుకున్నారు. ఆయనకు మాత్రం కోపం రాలేదు. "సరే, ఇప్పుడే ఎమ్మారై తీయిద్దాం. అందులో ఏమీ లేకపోతే రేపు రౌండ్ల మధ్య నీ కార్నర్‌లో నీళ్ల బకెట్ నేనే పట్టుకుంటాను" అన్నారు.

ఇంతలో ఒక పెద్దమనిషి తల దూర్చి, "మూడు రౌండ్లు, తొమ్మిది నిమిషాలు. ఒక ఇంజెక్షన్ పొడిపిస్తే అయిపోయేదానికి ఇంత రాద్ధాంతమా!" అన్నారు. నిజం చెప్పాలంటే అప్పటికి నాకు నచ్చిన సలహా అదొక్కటే. ఆయన చెప్పింది స్టెరాయిడ్ ఇంజెక్షన్ అయితే పోటీ సమయంలో దానిమీద 2022 నుంచి నిషేధం ఉంది. మత్తు ఇంజెక్షన్ అయితే నొప్పి తెలియకుండా విరిగిన ఎముకతోనే గుద్దేదాన్ని. సార్ ఏమీ అనలేదు. నా చేతినుంచి గుడ్డ విప్పి, మోకాలి మీద పెట్టుకుని మెల్లగా చుట్ట చుట్టి జేబులో వేసుకున్నారు. కట్టిన బ్యాండేజీని ఆయన అలా విప్పేయడం నేనెప్పుడూ చూడలేదు.

రాత్రి ఎనిమిదిన్నరకు ఫిజియో గారు ఎవరిదో స్కూటరు అడిగి తెచ్చారు. దారిలో వాన దంచింది. తన రెయిన్‌కోటు విప్పి నాకిచ్చి ఆయన తడిసిపోయారు. స్కానింగ్ సెంటర్ మూసే వేళ, లోపల ఒక టెక్నీషియన్ టిఫిన్ డబ్బా సర్దుకుంటున్నారు. పోటీ మాట వినగానే డబ్బా కింద పెట్టి మళ్లీ యంత్రం ఆన్ చేశారు. ఆయన పేరు కూడా అడగలేదు నేను. అన్నా, మీరు ఎక్కడున్నా మీకు నా నమస్కారం. ఆ రోజు మీరు ఇంటికి గంటన్నర ఆలస్యంగా వెళ్లి ఉంటారు.

ఎమ్మారైలో చీలిక స్పష్టంగా కనిపించింది. ఎముక నడుము దగ్గర, అడ్డంగా.

మర్నాడు పొద్దున సార్ కాగితం మీద రాశారు, నేను ఎడమచేత్తో సంతకం పెట్టాను. ఒకటో తరగతి పిల్ల పలక మీద రాసినట్టు వచ్చింది. సాయంత్రం గ్యాలరీలో కూర్చుని నా పోటీ నేనే చూశాను. ఆ అమ్మాయి హెడ్‌గార్డ్ పెట్టుకుని రింగ్ ఎక్కింది. ఎదుటి కార్నర్ ఖాళీ. వాకోవర్ అని ప్రకటించి రిఫరీ ఆమె చెయ్యి పైకెత్తారు. అంతా కలిపి నిమిషం పట్టి ఉంటుంది. దిగగానే గ్లవ్స్‌తోనే మెట్లెక్కి నా దగ్గరకొచ్చింది. "అక్కా, ఎదురుగా ఎవరూ లేకుండా చెయ్యెత్తితే ఎటు చూడాలో తెలియలేదు. అందుకే మీవైపు చూశాను" అంది. తర్వాతి రోజు సెమీస్‌లో ఓడింది. మా ఆటలో సెమీస్‌లో ఓడిన ఇద్దరికీ కాంస్యం ఇస్తారు. పతకం ఫొటో పంపి, "సగం మీదే, ఏ సగం కావాలో చెప్పండి" అని రాసింది. చెల్లీ, రిబ్బన్ వైపు నాకు చాలు.

తిరుగు రైల్లో నేను ఒక్క మాట మాట్లాడలేదు. అనకాపల్లి దాటాక సార్ తాష్కెంట్ సంగతి ఎత్తారు. అక్కడ జరిగిన 2023 ప్రపంచ బాక్సింగ్ పోటీల్లో మన నిజామాబాద్ హుసాముద్దీన్ సెమీస్ దాకా వెళ్లి, మోకాలి గాయంతో ఆ బౌట్‌కు దిగకుండానే కాంస్యంతో తిరిగొచ్చాడు. "అతనిదీ 57 కిలోలే" అన్నారు సార్. "ఆయనకు కాంస్యమైనా వచ్చింది, నాకు రెయిన్‌కోటు వచ్చింది" అన్నాను. అప్పుడు ఇద్దరం నవ్వాం. ఆ రెండు రోజుల్లో అదే మొదటి నవ్వు.

విశాఖలో సర్జన్ గారు చెప్పింది నాకు బాగా అర్థమైంది, ఎందుకంటే మా తాతది కాలువ చివరి పొలం. స్కాఫాయిడ్ జీడిపప్పంత ఎముక. దానికి రక్తం ఎక్కువగా వేళ్లవైపు నుంచి వెనక్కి, అంటే ముంజేతివైపుకు వస్తుంది. నడుము దగ్గర గండి పడితే చివరి మడికి నీళ్లందవు, ఆ ముక్క ఎండిపోయే ప్రమాదం ఉంది. ఆ చేత్తో తొమ్మిది నిమిషాలు గుద్ది ఉంటే ఏమయ్యేదో ఆయన వివరించలేదు. నేనూ అడగలేదు. అప్పటికే ముక్క కాస్త జరిగింది కాబట్టి ఆపరేషన్ చేసి లోపల ఒక చిన్న స్క్రూ బిగించారు. దానికి తల ఉండదు, ఎముకలోనే దాగి ఉంటుంది. ఇబ్బంది పెట్టకపోతే తీయనక్కర్లేదట.

ఇంటికొచ్చిన మొదటి రోజు అమ్మ పప్పుచారు అన్నం కలిపి ముద్దలు పెట్టింది. నెల తర్వాత కడుపునిండా తినడం అదే. నేను తింటున్నాను, అమ్మ ఏడుస్తోంది. ఇంకో ముద్ద పెట్టమన్నాను.

చూడ్డానికి వచ్చినవాళ్లలో నిఖత్ జరీన్ పేరెత్తకుండా వెళ్లినవాళ్లు లేరు. 2017లో ఆమె భుజానికి గాయమై ఆపరేషన్ జరిగింది, 2022లో ఇస్తాంబుల్‌లో ప్రపంచ విజేత అయింది. నిజమే, నాకూ తెలుసు, జిమ్ గోడమీద ఆమె బొమ్మ అంటించింది నేనే. కానీ రోజుకు నాలుగుసార్లు వింటే నిఖత్‌కు కూడా విసుగొస్తుంది. పోల్చకుండా పలకరించి వెళ్లిన ఒకే ఒక్క మనిషి మా పక్కింటి అత్తయ్య. ఆవిడకు నిఖత్ ఎవరో తెలియదు. జీడిపప్పంత ఎముక విరిగిందని విని మా జిమ్ తమ్ముడొకడు పలాస నుంచి కిలో జీడిపప్పు తెచ్చాడు, "ఇందులోంచి ఒకటి ఏరి పెట్టించుకో అక్కా" అని.

ఇక డబ్బు లెక్క. ఇచ్చినవాళ్లకు చెప్పడం నా బాధ్యత. జిమ్ పిల్లలు తలా రెండు వందలు వేసుకున్నారు. ఆర్.కె. బీచ్‌లో పొద్దున్నే నడకకు వచ్చే పెద్దలు, మేము పరుగెత్తుతుంటే "పక్కకు తప్పుకోండర్రా" అని విసుక్కునేవాళ్లే, ఒక కవరు పంపారు. నాన్న ఆటో స్టాండ్‌లో వాళ్లు రెండు రోజుల సంపాదన కలిపి ఇచ్చారు. ఒక పెద్దాయన శుభకార్యానికి చదివించినట్టు 116 రూపాయలు కవర్లో పెట్టి, పైన "చిరంజీవి సౌభాగ్యవతి" అని రాసి ఇచ్చారు. ఆ కవరు ఖర్చు పెట్టలేదు, దాచుకున్నాను.

మొత్తం వచ్చింది 71,400. ఎమ్మారైకి 6,500, ఆపరేషన్‌కూ గదికీ కలిపి 52,000, మందులకూ కట్లకూ 4,350 అయ్యాయి. ఎమ్మారై రోజు నా దగ్గర 1,800 ఉంటే మిగతాది సార్ కట్టారు, అది ఆయనకు తిరిగి ఇచ్చేశాను. తీసుకోనంటే ఆయన భార్యకు ఇచ్చాను. మిగిలిన 8,550తో జిమ్‌కు ఒక ప్రథమ చికిత్స పెట్టె, రింగ్ తుడవడానికి రెండు మంచి మాప్‌లు కొంటున్నాం. రౌండు రౌండుకూ తుడిచే డ్యూటీ చార్టు నేనే రాసి అంటించాను. ఎవరైనా ఎగ్గొడితే నా చెయ్యి చూపిస్తాను.

కుట్లు విప్పారు. చపాతీ పిండి ముద్ద పిసికే దాకా వచ్చాను. బ్యాగ్ కొట్టడం మాత్రం సీటీ స్కాన్‌లో ఎముక పూర్తిగా అతికిందని తేలాకే. జాతీయ పోటీలు ఈ ఏడాదికి పోయాయి. బాధ లేదని చెప్పను, ఉంది. ఎంపికైన అమ్మాయి బౌట్ ఫోన్లో చూస్తుంటే కుడి పిడికిలి దానంతట అదే బిగుసుకుంది, వెంటనే నొప్పి పుట్టి వదిలేశాను.

ఫిజియో గారూ, ఆ రాత్రి అన్న మాటకు మీ ముందు నిలబడి క్షమాపణ చెప్పాలి. అందరూ వినగా అన్నాను కాబట్టి అందరూ చదివేలా ఇక్కడ కూడా చెబుతున్నాను. తప్పు నాది. వారానికి రెండుసార్లు వీడియోలో వేళ్ల వ్యాయామాలు చేయిస్తున్నారు, ఫీజు మాటెత్తితే ఫోన్ పెట్టేస్తున్నారు. మీ రెయిన్‌కోటు మా ఇంట్లోనే ఉంది. అమ్మ ఉతికి ఆరేసింది, చంక కింద చిరుగుంటే కుట్టింది. వానాకాలం ఇంకా అయిపోలేదు. కొరియర్‌లో పంపమంటే పంపుతాను, కానీ మీరే వచ్చి తీసుకెళ్తే బాగుంటుందని అమ్మ మాట. ఆదివారమైతే చేపల పులుసు ఉంటుంది.