పెట్టె మీద నంబరు

ఆమదాలవలస,
ఆదివారం రాత్రి

ఒరే మావా,

ఎలా ఉన్నావు? ఇంట్లో అందరూ కులాసాయేనా? ఢిల్లీలో చలి బాగా ముదిరుంటుంది. ఇక్కడ తెల్లవారుజామున మంచు పడుతోంది, ఎండెక్కితే మామూలే. కోతలు మొదలయ్యాయి. మనుషులు దొరక్క మిషను కోసం వారం నుంచి తిరుగుతున్నాం.

మొన్న ఫోన్‌లో మనిద్దరం అంతలా అరుచుకోవడం నాకింకా బాధగానే ఉందిరా. ఎవరు గెలిచారు, ఎవరు చేతగానివాళ్ళు, ఎవరి హయాంలో ఏం జరిగింది... దాని జోలికి మళ్ళీ పోను. కానీ ఫోన్ పెట్టేశాక ఒక సంగతి తట్టి నిద్ర పట్టలేదు. ముప్పావుగంట యుద్ధం గురించి మాట్లాడుకున్నాం. చచ్చిపోయిన ఒక్క మనిషి పేరైనా మన నోట రాలేదు. అందుకే ఈ ఉత్తరం. నీతో ఒక పని కూడా ఉంది, చివర్లో చెప్తాను.

మా వీధి చివరి మామ్మ గుర్తుందా? బడి నుంచి వస్తూ ఆవిడ పెరట్లో సీమచింతకాయలు రాల్చుకునేవాళ్ళం. తిట్టేది కాదు, "ముళ్ళున్నాయి, సూసుకోండి నాన్నా" అనేది. మనం ఆవిడని 'మిలిటరీ మామ్మ' అనేవాళ్ళం. భర్త యుద్ధంలో పోయాడని తెలుసు, అంతవరకే. ఆ మనిషి పేరేమిటని మనం ఏనాడూ అడగలేదు కదరా.

పోయిన నెల ఆవిడ పెంకుటిల్లు విప్పేసి శ్లాబు వేయిస్తున్నారు. సామానంతా మా వసారాలో పెట్టారు. అందులో ఒక నల్ల రేకు ట్రంకు పెట్టె ఉంది. మూలలు తుప్పు పట్టిపోయాయి. మూత మీద తెల్ల పెయింటుతో ఇంగ్లీషు అక్షరాల్లో నంబరు, ర్యాంకు, పేరు. మిలిటరీవాళ్ళ పెట్టెలు స్టేషన్లో ఎన్ని చూడలేదు మనం! కానీ దీన్ని ఆవిడ ఎవర్నీ మొయ్యనివ్వలేదు. ఒక చెవి నన్ను పట్టుకోమని, రెండో చెవి తనే పట్టుకుంది. డెబ్బై దాటిన మనిషి.

ఆ సాయంత్రం నన్ను పిలిచి తాళం తీసింది. లోపల కలరా ఉండల వాసన. ఒక ఊలు జెర్సీ, ఇత్తడి బకిలు బెల్టు, సొట్ట పడ్డ పింగాణీ మగ్గు, గడ్డం గీసుకునే బ్రష్షు, సింహాచలం అప్పన్న పటం, బూటు తాడుతో కట్టిన ఉత్తరాల కట్ట. ఇన్‌లాండు కవర్లు. చిరునామాలో ఊరి పేరు లేదు, యూనిట్ పేరు, 99 ఏపీఓ అని మిలిటరీ పోస్టాఫీసు నంబరు, అంతే. మిలిటరీవాడు ఎక్కడున్నాడో పోస్టుమేన్‌కి కూడా తెలియకూడదు కదా, అలాగే రాసేవారట. అవి ఆయన రాసినవి కావురా. ఈవిడ ఆయనకి రాయించినవి. ఆయన దాచుకున్నాడు. మనిషి పోయాక పెట్టెతో పాటు తిరిగొచ్చాయి.

విప్పి చూస్తే మా తాతయ్య చేతిరాత! కొమ్ములు పక్క అక్షరం మీదికి సాగదీస్తాడు, నూట్లో పోల్చుకుంటాను. వీధిలో అక్షరం రానివాళ్ళందరికీ ఆయనే రాసిపెట్టేవాడు. "ఇచ్చట మేమంతా క్షేమము. మీ క్షేమము తెలియజేయగలరు. పిల్లవాడు పాకుచున్నాడు. ఎర్రావు ఈనినది, పెయ్య." తర్వాతి దాంట్లో, "ఎర్రావు పాలు బాగుగా ఇచ్చుచున్నది." ఆ తర్వాతి దాంట్లోనూ ఎర్రావే. నాకు వింతగా తోచి, "ఏంటి మామ్మా, అన్నిట్లోనూ ఆవు గురించే రాయించావు?" అన్నాను.

ఆవిడ కాసేపు ఊరుకుంది. "ఇంకేటి సెప్పమంటావు బాబూ? రాసినోరు మీ తాత, నాకు మావగారి వరస. ఆయన ముందల కూకుని నా మనసులో మాట ఎలాగ సెప్తాను? ఎర్రావుని పెళ్ళయిన ఏడాది మేమిద్దరం సంతకెల్లి కొన్నాం. సీకటి పడిపోనాది, దారంతా నడిచే తోలుకొచ్చినాం. ఎర్రావు అంటే ఆయనకి తెలుసు." అని, ఆ కాగితాన్ని మడతల వెంబడే మళ్ళీ మడత పెట్టేసింది.

అప్పటికి ఆవిడకి పద్దెనిమిదేళ్ళురా మావా. 1971 డిసెంబరు. 3న పాకిస్తాన్‌తో మొదలైన యుద్ధం 16న ఢాకాలో సంతకాలతో ముగిసింది. పదమూడు రోజుల్లో గెలిచాం అని మనం పుస్తకాల్లో చదువుకున్నాం. ఆ పదమూడు రోజుల్లో ఏ రోజున ఆయన పోయాడో ఆవిడకి ఇప్పటికీ సరిగ్గా తెలీదు. "ఢక్కా కాడ" అంటుంది. శవం రాలేదు. యుద్ధంలో పోయినవాళ్ళని సొంత ఊరికి చేర్చడం 1999లో కార్గిల్ నుంచే వచ్చిన పద్ధతి. అంతకుముందు ఎక్కడ పడిపోతే ఆ దగ్గర్లోనే దహనం చేసేవారు. ఇంటికి టెలిగ్రాము, కొన్నాళ్ళకి పెట్టె.

"నాను సూడనేదు కదా, ఎలాగ నమ్మడం?" అంది. టెలిగ్రాము వచ్చిన పదేళ్ళ వరకూ రాత్రి మెయిలు కూత వినబడితే లేచి తలుపు గడియ తీసి పెట్టేదట. అత్తగారు తిట్టేదట, దొంగలొస్తారే అని.

ఆ తర్వాత కథ ఎవరూ మైకుల్లో చెప్పరు. మిలిటరీలో పెళ్ళయినా, పిల్ల పుట్టినా పార్ట్ టూ ఆర్డరు అని వేసి సర్వీసు రికార్డులో ఎక్కిస్తారు. ఆయన ఎక్కించాడు. కానీ ఇంట్లో పిలుచుకునే పేరు ఎక్కించాడు. ఈవిడ అసలు పేరు వేరు. ఆ పేరే ఈ పేరని నమ్మించడానికి ఒక ఆఫీసు చుట్టూ రెండేళ్ళు తిరిగారు, చంకలో పిల్లాడు, ముందు మా తాతయ్య. మునసబు సంతకం, కరణం సంతకం, స్టాంపు కాగితం. మధ్యలో పుట్టింటివాళ్ళు మారుమనువు చేస్తామన్నారు, అత్తింటివాళ్ళు పెన్షను పోతుందన్నారు. ఆవిడకి ఏం కావాలో అడిగినవాళ్ళు లేరు. ఇప్పటికీ ఏటా నవంబరు వచ్చేసరికి లైఫ్ సర్టిఫికెట్ ఇవ్వాలి. మొన్న నేనే తీసుకెళ్ళాను. వేలు అరిగిపోయి ముద్ర పడలేదు. ఆ కుర్రాడు ఓపిగ్గా తడిగుడ్డతో తుడిచి, ఐదోసారికి పడేలా చేశాడు. వాడికి చేతులెత్తి దణ్ణం పెట్టాలనిపించింది.

మా తాతయ్య అందరికీ ఉత్తరాలు ఎందుకు రాసిపెట్టేవాడో నీకెప్పుడైనా చెప్పానా? వాళ్ళ నాన్న రంగంలో, అంటే బర్మాలోని రంగూన్‌లో, బియ్యం మిల్లు కూలీ. మన జిల్లా నుంచి ఎంతమంది రంగం పోయేవారో తెలుసు కదా, మన ఊళ్ళో ప్రతి పాత ఇంట్లోనూ ఒక రంగం కథ ఉంటుంది. 1941 డిసెంబరు 23న జపానువాళ్ళు రంగం మీద బాంబులు వేశారు. ఓడలు దొరికినవాళ్ళు ఓడెక్కారు, దొరకనివాళ్ళు అడవులు, కొండలు పట్టుకుని అస్సాం వైపు నడిచారు. లక్షల మంది నడిచారు. దారిలో మలేరియాతో, కలరాతో, ఆకలితో ఎన్ని వేలమంది రాలిపోయారో. తాతయ్యకి అప్పుడు పదేళ్ళు. నాన్న నుంచి ఒక్క కార్డు ముక్క వస్తుందేమోనని ఏడాది పొడుగునా పోస్టాఫీసు అరుగు మీద కూర్చున్నాడట. ఆయన రాలేదు, కార్డూ రాలేదు. తుపాకీ ముట్టుకోని మనిషి, వాళ్ళ లెక్క ఏ స్తంభం మీదా ఉండదు. అందుకే ఎవరు వచ్చి "ఒక ఉత్తరం రాసిపెట్టు" అన్నా తాతయ్య అన్నం ముందునుంచైనా లేచేవాడు.

ఇంకొకటి. దీనికి నువ్వు ఒప్పుకోకపోవచ్చు, అయినా చెప్తాను. ఆ 71లోనే మా నాన్న విశాఖలో చదువుకుంటున్నాడు. రాత్రిళ్ళు దీపాలార్పేసేవారట, కిటికీలకి నల్ల కాగితాలు అంటించుకునేవారట. డిసెంబరు 3 అర్ధరాత్రి దాటాక సముద్రంలో పేలుడు. పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ మునిగిపోయింది. మనవాళ్ళు వేసిన డెప్త్ ఛార్జీలకి, అంటే నీళ్ళలో పేలే బాంబులకి, అని మనం అంటాం, లోపలే ఏదో పేలిందని వాళ్ళంటారు. పొద్దున్నే జాలర్లకి తేలుతున్న లైఫ్ జాకెట్లు దొరికాయి. తొంభై మందికి పైగా మనుషులు. ఆ పడవ ఇప్పటికీ విశాఖ బయట అడుగునే ఉంది. సరిగ్గా ఐదు రోజులు గడిచాక, 9న, మన యుద్ధనౌక ఖుక్రీని వాళ్ళ జలాంతర్గామి ముంచేసింది. 18 మంది అధికారులు, 176 మంది నావికులు పోయారు. కెప్టెన్ మహేంద్రనాథ్ ముల్లా, తప్పించుకునే వీలుండి కూడా ఓడతోనే దిగిపోయాడు.

ఖుక్రీ తలుచుకుంటే నాకు గుండె బరువెక్కుతుంది. అది మనది, ఎక్కువ బరువే ఎక్కుతుంది, దాచను. కానీ విశాఖ ఆర్కే బీచికి వెళ్ళినప్పుడు కురుసురా జలాంతర్గామి మ్యూజియం చూసి బయటికొచ్చి సముద్రం వైపు తిరిగితే, ఆ అడుగున ఉన్నవాళ్ళు కూడా గుర్తొస్తున్నారు ఈ మధ్య. కరాచీలో కూడా ఎవరో ఒకావిడ ఎవరిచేతో ఉత్తరం రాయించే ఉంటుంది. అక్కడా ఏ ఆవో, ఏ మేకో ఈనే ఉంటుంది. ఇలా అనుకోవడం వల్ల నా దేశం మీద నాకున్న ప్రేమ వీసమెత్తు తగ్గలేదు.

బొబ్బిలి సంగతే చూడు. 1757 జనవరి 24. ఫ్రెంచి సేనాని బుస్సీ ఫిరంగులు, విజయనగరం సేన ఒకవైపు, బొబ్బిలి కోట ఒకవైపు. కోటలో ఆడవాళ్ళు, పిల్లలు ఎలా పోయారో తలుచుకోవడానికే నోరు రాదు. మూడో నాటికి బొబ్బిలి వీరుడు తాండ్ర పాపారాయుడు డేరాలో దూరి విజయనగరం రాజు విజయరామరాజుని పొడిచేశాడు. ఎవరిది తప్పని ఇప్పుడెవరు కొట్టుకుంటున్నారు? మా చిన్నత్తని విజయనగరం ఇచ్చారు కదా, ఆ ఇంట్లో కూర్చునే బొబ్బిలి కథ విన్నాను. విజయనగరం వాళ్ళందరూ కొంగులతో కళ్ళు తుడుచుకున్నారు.

ఇక్కడ తెల్లవారుజామున నాలుగున్నరకి లేచి రోడ్డు మీదకి వస్తే కుర్రాళ్ళు పరిగెడుతూ కనబడతారు. నా దగ్గర పదో తరగతి చదివినవాళ్ళే సగం మంది. 1600 మీటర్ల పరుగు, చెట్టుకొమ్మకి కట్టిన పైపు పట్టుకుని ఒళ్ళు పైకి లాగే బీమ్, తొమ్మిదడుగుల కందకం దూకడం. ఒకడు చేతిలో ఫోను పట్టుకుని టైము అరుస్తుంటాడు. వాళ్ళలో దేశభక్తి ఉంది, ఇంటి అప్పూ ఉంది, చెల్లి పెళ్ళీ ఉంది. ఇవన్నీ కలిసే పరిగెడతాయి. వాటిని విడదీసి, ఇది గొప్పది, ఇది తక్కువది అనే హక్కు నాకు లేదనిపిస్తుంది.

పోయిన వేసవిలో పిల్లల్ని కోరుకొండ సైనిక్ స్కూలు చూపించడానికి తీసుకెళ్ళాను. గల్వాన్‌లో 2020 జూన్ 15 రాత్రి పోయిన ఇరవై మందిలో కల్నల్ సంతోష్ బాబు అక్కడే చదివాడు. సూర్యాపేట నుంచి ఆరో తరగతికి వచ్చి చేరాడు. మహావీర్ చక్ర ఇచ్చారు. నాకు మాత్రం ఆ గేటు దగ్గర, పదకొండేళ్ళ పిల్లాణ్ణి వదిలేసి బస్సెక్కిన అమ్మానాన్నలే కళ్ళ ముందు కదిలారు. మా పిల్లాడొకడు, "సార్, ఆయన ఏ బెంచీలో కూర్చునేవారు?" అని అడిగాడు. ఏడాది మొత్తంలో నేను విన్న మంచి ప్రశ్న అదే.

మామ్మకి శాలువాలు పదకొండు ఉన్నాయి. జెండా పండక్కి పిలుస్తారు, వేదిక మీద చివరి కుర్చీలో కూర్చోబెడతారు, ఉపన్యాసాలన్నీ అయ్యాక కప్పుతారు. పిలవడం మంచిదే, పిలవకపోతే నేనే బాధపడతాను. కానీ ఒక్కసారైనా ఎవరైనా మైకు ఆవిడకిచ్చి "ఆయన ఎలాంటివాడమ్మా?" అని అడగలేదు. మొన్న నేనడిగితే గంటన్నర చెప్పింది. ఆయనకి ఎండుచేపల ఇగురంటే ప్రాణమట. ఈల బాగా వేసేవాడట. సెలవు మీద వస్తే పొలంలో దిగి, బూట్లలో పడిన కాళ్ళు బురదకి ఒప్పుకోక బొబ్బలెక్కితే నవ్వేవాడట.

ఇక నీ పని. ఇండియా గేట్ దగ్గర జాతీయ యుద్ధ స్మారకం ఉంది కదా, 2019 ఫిబ్రవరి 25న తెరిచారు. అక్కడ త్యాగ చక్రం అని పదహారు గోడలున్నాయట. స్వాతంత్ర్యం వచ్చాక పోయిన పాతికవేల మందికి పైగా పేర్లు గ్రానైట్ పలకల మీద చెక్కారు, ఒక్కొక్కరికి ఒక్కో పలక. టికెట్ లేదు. ఒక ఆదివారం పిల్లల్ని తీసుకుని వెళ్ళి ఆయన పేరు వెతకరా. దొరికితే ఫోటో తీసి పంపు. దగ్గర్నుంచి ఒకటి, నీ పిల్లలు పలక మీద చెయ్యి పెట్టినట్టు ఒకటి. ఫోన్‌లో వద్దు, కాగితం మీద వేయించి పోస్టులో పంపు. మామ్మకి ఫోన్‌లో బొమ్మలు ఆనవు, పైగా ఆవిడకి అది పెట్టెలో పెట్టుకోవాలని ఉంది.

ఆయన పేరు, నంబరు ఈ కాగితం వెనక రాశాను, మూత మీద ఎలా ఉందో అలాగే. ఇంటిపేరు ముందుండొచ్చు, వెనకుండొచ్చు, ఇంగ్లీషు స్పెల్లింగు వాళ్ళకి వినబడినట్టు రాసుంటారు. నంబరులో నాలుగో అంకె దగ్గర పెయింటు రాలిపోయింది. ఒకటో ఏడో తెలియడం లేదు. మామ్మ వేలితో తడిమి ఏడే అంటోంది. నువ్వు రెండూ చూడు.

నీ
మావ